మా రోజుల్లో హీరో పిండి రుబ్బేవాడు

మా రోజుల్లో హీరో అంటే ఆడపిల్ల చేత నాలుగు మాటలు పడ్డవాడు. పడి, నీళ్లు నమిలి, మర్నాడు మళ్లీ ఆమె ముందుకే వచ్చి నిలబడ్డవాడు. ఇప్పటి హీరో తెర మీదికి రావాలంటే ముందు బూట్లు కనబడాలి, తర్వాత పిడికిలి, ఆ తర్వాత వీపు. ముఖం చూపించేసరికి పదిమంది గాల్లోకి లేచి పడాలి. అలాంటివాణ్ణి ఏ పిల్ల ఆటపట్టిస్తుంది? ఆటపట్టించడం లేకపోతే ఇక ప్రేమ కథలో నవ్వెక్కణ్ణుంచి వస్తుంది? నా బాధంతా ఇదే. పిల్లలతో చెబితే, 'తాతా, నీకు ఎలివేషన్ అర్థం కాదు' అంటారు. నాకు బాగానే అర్థమవుతుంది. మనిషిని అంత ఎత్తున కూర్చోబెట్టాక ఇంట్లో మనిషిలా మళ్లీ కిందికి దింపలేరు, అదీ సంగతి.

'మిస్సమ్మ' వచ్చింది 1955లో. మా పెనుకొండ వైపు డేరా హాళ్లకు అది చేరేసరికి కొన్నేళ్లు పట్టింది. కొత్త సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడి, అరిగి, గీతలు పడ్డాక గానీ మా దాకా వచ్చేది కాదు. డేరాలో ఉండేది ఒకటే మిషను. రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి, ఇంకో రీలు ఎక్కించేదాకా బొరుగులు, కాల్చిన శెనక్కాయలు అమ్మేవాళ్లు మనుషుల మధ్యన తిరిగేవాళ్లు. నేల మీద ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, మధ్యన మోకాలెత్తు మట్టిగోడ. నేను పిల్లవాణ్ణి కాబట్టి అవ్వ పక్కనే ఆడవాళ్లవైపు కూర్చున్నాను. తెర మీద మేరీ వేషంలో సావిత్రి, ఎం.టి. రావు వేషంలో ఉన్న ఎన్టీ రామారావును కసిరినప్పుడల్లా నవ్వు ముందు మావైపు నుంచే లేచింది. గోడకవతల మగవాళ్లు ఒక్క క్షణం ఆగి, అప్పుడు నవ్వారు. ఇంట్లో నోరెత్తని మా అవ్వ ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను. ఆమె అంతగా నవ్వగా మళ్లీ చూసింది మరో మిస్సమ్మ ఆటలోనే.

ఆ కథలో ఏముంది? చదువుకుని ఉద్యోగం లేని ఇద్దరు. అప్పాపురం జమీందారు తన బడికి పంతులు పంతులమ్మ కావాలి, ఇద్దరూ మొగుడూ పెళ్లాలై ఉండాలి అన్నాడు. అప్పిచ్చిన డేవిడ్ పెళ్లి చేసుకోమని మేరీ మెడ మీద కూర్చున్నాడు. గత్యంతరం లేక ఇద్దరూ భార్యాభర్తలమని అబద్ధమాడి ఆ ఇంట్లో చేరారు. అంతే, ఇక ఆ ఒక్క అబద్ధం చాలు. జమీందారు దంపతులు కన్నకూతురిలా బొట్టు పెట్టి పూజలు చేయిస్తామంటారు, ఈమె క్రైస్తవురాలు. రావు జమీందారు కూతురు సీతకు సంగీతం చెబుతుంటే మేరీకి ఒళ్లు మండుతుంది, ఎందుకు మండిందో మాత్రం ఒప్పుకోదు. ఆ నాలుగు గోడల మధ్యే మూడు గంటలు నడిపించారు చక్రపాణి, ఎల్.వి. ప్రసాద్. కత్తి లేదు, హత్య లేదు, విదేశంలో పాట లేదు. అక్కినేని అంతటివాడు అందులో తప్పిపోయిన పిల్లను వెతికే తిక్క డిటెక్టివ్ వేషం వేశాడు. ఇవాళ అలాంటి వేషం పట్టుకుని ఏ హీరో ఇంటికైనా వెళ్లి చూడండి, ఏమంటారో!

ఆ ఎం.టి. రావే తర్వాత మా హిందూపురానికి ఎమ్మెల్యే అయ్యాడు. 1985లో, 1989లో, 1994లో మావాళ్లు ఎన్టీ రామారావును గెలిపించారు. రాముడు, కృష్ణుడు వేషాలు చూసి ఓట్లేశారని బయటివాళ్లు రాస్తుంటారు. నేనొప్పుకోను. 1962లో 'గుండమ్మ కథ' వచ్చింది, అది ఆయనకు నూరో సినిమా. అప్పటికే 'మాయాబజార్'లో కృష్ణుడై జనం చేతులెత్తి మొక్కిన మనిషి. ఆ మనిషి నూరో సినిమాలో నిక్కరు తొడుక్కుని, అంజిగాడై, గుండమ్మ ఇంట్లో పనివాడుగా చేరి, సావిత్రి పక్కన రోటి ముందు కూర్చుని పిండి రుబ్బాడు. గుండమ్మ వేసిన సూర్యకాంతం నోటికి జడిశాడు. మా ఇళ్లలో ఆయన్ను మనవాడు అనుకున్నది ఆ రోటి దగ్గర. దేవుడికి దండం పెడతాం, మనవాడితో కదా నవ్వుతాం!

మా అనంతపురం సీమ వానకు మొహం వాచిన నేల. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. ఇలాంటి చోట జనానికి ఏడుపు సినిమాలు నచ్చాలి కదా అంటారు కొందరు పట్నంవాళ్లు. కరువును ఇంట్లో పెట్టుకుని, దాన్నే డబ్బిచ్చి మళ్లీ చూస్తామా? అమెరికాలోనూ ఇలాగే జరిగింది. 1930ల్లో అక్కడ పనుల్లేక జనం రోడ్డున పడ్డ రోజుల్లోనే ఈ గిల్లికజ్జాల ప్రేమ కథలు పుట్టాయి. ఫ్రాంక్ కాప్రా 1934లో తీసిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'లో ఇల్లు వదిలి పారిపోయిన డబ్బున్న పిల్ల, ఉద్యోగం ఊడిన విలేకరి ఒకే బస్సెక్కి దారంతా పోట్లాడుకుంటారు. దానికి ఐదు ఆస్కార్లు వచ్చాయి. మన మిస్సమ్మ కూడా మొదలయ్యేది నిరుద్యోగంతోనే గమనించండి. కష్టం కథలో ఉంటుంది, కానీ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగరు.

ధర్మవరంలో మిస్సమ్మ, గుండమ్మ కథ హాలు దాటి మగ్గాల్లోకి వచ్చేవి. పొద్దున్నుంచీ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతగాడు రెండో ఆట చూసొచ్చి, మర్నాడు నాడె విసురుతూ గుండమ్మ మాట ఒకటి అనేవాడు. పక్క మగ్గంవాడు అందులోని రమణారెడ్డి గొంతుతో జవాబిచ్చేవాడు. కండెలు చుట్టే ఆడవాళ్లు మిగతాది అందుకునేవాళ్లు. చీర మగ్గం దిగేసరికి సినిమా అంతా ఒకసారి ఆడేది. ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్లకు వైరు. ఫోనులో అర నిమిషం కామెడీ ముక్క వస్తుంది, ఒక్కడే ముసిముసిగా నవ్వుతాడు, వేలితో పైకి తోసేస్తాడు. ఏమిట్రా అది అంటే చెప్పలేడు, అప్పటికే ఇంకోటి వచ్చి ఉంటుంది.

నా మనసుకు మరీ ముల్లులా గుచ్చుకునేది ఇంకొకటుంది. ఈ నవ్వులు తీసినవాళ్లలో మా రాయలసీమవాళ్లూ ఉన్నారు. ఈ సినిమాలు తీసిన విజయా సంస్థ నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. కె.వి. రెడ్డి మా తాడిపత్రివాడు. 1957లో 'మాయాబజార్' తీసి, ఘటోత్కచుణ్ణి శశిరేఖ వేషంలో పెళ్లిపీటల మీద కూర్చోబెట్టి, రేలంగి లక్ష్మణకుమారుణ్ణి హడలగొట్టించాడు. దొంగ పెళ్లికూతురి హాస్యం అంతకు మించి ఎవరు చేశారు? తెలుగు సినిమాకు ఇంత నవ్వునిచ్చిన సీమకు సినిమా తిరిగి ఏమిచ్చింది? 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది', అదే ఏడు 'ఇంద్ర'. వరసపెట్టి సుమోలు, వేటకొడవళ్లు, తొడకొట్టడాలు. అప్పట్లో మా పక్క పిల్లలు కోస్తాలో కాలేజీకి పోతే, మీ ఇంట్లో బాంబులుంటాయా అని అడిగేవారట. మా ఊళ్లలో కక్షలు లేవనడం లేదు. కానీ పెళ్లిలో వియ్యంకుల ఎకసెక్కాలు, కన్నడం కలిపి మాట్లాడే హిందూపురం సంత, అత్తాకోడళ్ల సాధింపులు కూడా ఉన్నాయి కదా! వాటికి కెమెరా ఎందుకు తిప్పరు? ఒక్క రాజమౌళి 2010లో 'మర్యాద రామన్న' తీశాడు. ఇంటి గడప లోపల రక్తం చిందకూడదన్న ఆచారం పట్టుకుని, గడప దాటకుండా ప్రాణం కాపాడుకునే సునీల్‌ను చూపించాడు. మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ సినిమా అయినా, మా కక్షల మీద మేమే నవ్వగలమని నిరూపించింది అదొక్కటే.

మధ్యలో జంధ్యాల కాలం ఒకటి నడిచింది. 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ': ఎవరికన్నది లేకుండా ఓ పిల్ల సరదాకి రాసిన ఉత్తరం పట్టుకుని ఓ కుర్రాడు ఊళ్లు తిరుగుతాడు. 1991లో బాపు 'పెళ్లి పుస్తకం' తీస్తే మిస్సమ్మ తలకిందులైంది: అక్కడ పెళ్లి కానివాళ్లు అయినట్టు నటిస్తే, ఇక్కడ పెళ్లయినవాళ్లు కానట్టు నటించారు. ఎంత ముచ్చటగా ఉంటుందో! ఆ తర్వాతే చెడింది. నవ్వించే పని హీరో మానేసి హాస్యనటుడికి అప్పగించాడు. కథ ఒకవైపు, 'కామెడీ ట్రాక్' ఒకవైపు. పాపం ఆ హాస్యనటుడు చెంపదెబ్బలు తినాలి, హీరో మాత్రం గంభీరంగా నిలబడాలి. హీరోయిన్‌కు మాటలు కూడా లేవు, పాటకు వచ్చి పోవడమే. మేరీ లాంటి నోరున్న పిల్లను రాయలేనివాడు ప్రేమ హాస్యం రాయలేడు.

ఇప్పుడూ తీసేవాళ్లు లేకపోలేదు. 2008లో 'అష్టా చమ్మా', 2016లో 'పెళ్లి చూపులు' చూసి హాయిగా నవ్వాను. 2022లో 'అంటే సుందరానికీ' అని వచ్చింది. బ్రాహ్మణ కుర్రాడు, క్రైస్తవ పిల్ల, ఇళ్లలో ఆడిన అబద్ధాలు. నా మిస్సమ్మ మనవరాలే అనిపించింది. కొంచెం నిడివి ఎక్కువైంది గానీ మంచి సినిమా. మా ఊళ్లో దాని ఊసెత్తినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

పాత సినిమాలను బాగుచేసి హీరోల పుట్టినరోజులకు మళ్లీ ఆడిస్తున్నారు కదా ఈ మధ్య. జనం కాగితాలు చల్లి, కుర్చీలెక్కి ఎగిరేవాటికే ఎక్కువగా ఆ భాగ్యం. హాళ్లవాళ్లకు నేను గట్టిగా చెబుతున్నాను: మే 28 రామారావు పుట్టినరోజు. ఆ రోజు హిందూపురంలో మిస్సమ్మ ఒక్క ఆట వేయండి. ధర్మవరం నుంచి, పెనుకొండ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లను కూడగట్టే పని నాది. ఆడవాళ్లకు ముందు వరసలు ఇవ్వండి. మా మనవణ్ణి కూడా తీసుకొస్తాను, ఫోను ఇంట్లో పెట్టించి.