మొటిమల మొహానికి మొక్కల నూనె పట్టించు విధానం

కావలసిన సరుకు: మొటిమలున్న మొహం ఒకటి, నూనె సీసా ఒకటి, సలహా చెప్పే బంధువులు నలుగురికి తక్కువ కాకుండా. సారపాకలో ఉండేవాళ్లు ఇవేవీ వెతుక్కోనక్కర్లేదు. వంతెన దాటితే భద్రాచలం, దాని వెనక అడవి. ఆ అడవిలో ఇప్ప, కానుగ, వేప. ఇటు అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళ్తే పామాయిల్ తోటలు. ఊరి చుట్టుపక్కల పేపరు మిల్లు కోసం వేసిన జామాయిల్. ఇన్ని నూనెల మధ్య పుట్టి మొహం పొడిగా ఉంచుకోవడం ఈ నేలకే అపచారం. మే నెలలో ఇక్కడి ఎండకు మొహం తనంతట తానే జిడ్డు కారుస్తుంది. దానికి తోడుగా మరో నాలుగు చుక్కలు వెయ్యడమే మనం నేర్చుకోబోయే విద్య.

మూలసూత్రం ఒక్కటే: మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చెయ్యదు. దీన్ని కంఠతా పట్టండి. ఎవరైనా నల్లజీడి సంగతి ఎత్తితే మాట మార్చండి. అదీ చెట్టు కాయే, మందుల్లో వాడేదే. దాని రసంతో ఒకప్పుడు చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టేవాళ్లు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేవి కావు. అదే రసం ఒంటికి తగిలితే పొక్కులు లేచి పుండ్లు పడతాయి. ఇలాంటి ఉదాహరణలు చర్చను పాడుచేస్తాయి.

నూనె ఏదో మీరు ఎంచుకోకండి. అది ఇంటిల్లిపాదీ కలిసి చెయ్యాల్సిన పని. పాల్వంచ నుంచి వచ్చిన మేనత్త గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెడుతుంది. "ఏందే, మొకమంతా ఇట్టయింది? వేపనూనె రాయకపోయినావా?" లోపల్నుంచి మీ అమ్మ అందుకుంటుంది. "వేప వేడి చేస్తది వదినా, కొబ్బరినూనె చలవ." పక్కింటి పెద్దమ్మ ఆముదం అంటుంది. మీ తమ్ముడు ఫోనులో చూసి ఆర్గాన్ అంటాడు, అది మొరాకోలో కాస్తుందని కూడా చెప్తాడు. మొహం ఎవరిదో ఈ లోపల అందరూ మరిచిపోతారు. అందరి మాటా మన్నించాలనుకుంటే నాలుగూ కలిపి రాసుకోండి.

ఒక్కొక్కదాని గుణగణాలు చెప్పుకుందాం. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ప్రయోగశాలలో ఆ ఆమ్లం మొటిమల బ్యాక్టీరియాను చంపింది. ఇంతవరకు విని చెవులు మూసుకోండి. ఎందుకంటే తర్వాతి మాట కాస్త ఇబ్బందిగా ఉంటుంది: సీసాలో ఉన్న నూనెలో ఆ ఆమ్లం విడిగా ఉండదు, కొవ్వుగా కట్టుబడి ఉంటుంది. ఆ కొవ్వు చర్మరంధ్రాలను పూడ్చే నూనెల పట్టికలో పైవరసలో కూర్చుంది.

ఆ పట్టిక కథ కూడా వినదగ్గదే. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన తోటివాళ్లు 1970ల్లో కుందేళ్ల చెవుల లోపలివైపు ఒక్కో పదార్థమే రాసి, రంధ్రాలు ఎంత పూడాయో చూశారు. ఆ పద్ధతిలోంచే సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసే పట్టికలు పుట్టాయి. కొబ్బరినూనెకు నాలుగు వచ్చాయి. అయితే కుందేలు చెవి మనిషి చెంప కంటే చాలా తొందరగా పూడుకుపోతుంది. కాబట్టి కుందేలుకు పడనిది మనకూ పడదని తేల్చలేం. సీసా మీద 'నాన్ కొమెడోజెనిక్' అని అచ్చేస్తే మాత్రం కళ్లకద్దుకుని కొనండి. ఆ మాటకు అమెరికా చట్టంలో కూడా నిర్వచనం లేదు, అందుకే అందరూ ధైర్యంగా అచ్చేసుకుంటారు.

కొంచెం చదువుకున్నవాళ్లకు మరో సిద్ధాంతం ఉంది. మొటిమలొచ్చేవాళ్ల చర్మపు జిడ్డులో లినోలిక్ ఆమ్లం తక్కువగా ఉంటుందని పరిశోధకులు 1980ల్లోనే రాశారు. అది ఎక్కువగా ఉన్న నూనె రాస్తే లోటు తీరుతుందని ఆశ. ఆశ తప్పు కాదు, రుజువే పలచన. సరే, ఆ లెక్కన చూసినా ఆలివ్ నూనె పనికిరాదు, అందులో ఎక్కువ భాగం ఓలిక్ ఆమ్లం. లినోలిక్ దండిగా ఉండేది కుసుమనూనెలో, మామూలు సన్‌ఫ్లవర్ నూనెలో. అంటే సెంటర్లో మిరపకాయ బజ్జీలు వేసే బాండీలోది. కాని దాన్ని మొహానికి రాసుకోమని ఎవరు చెప్తారు? లీటరు ప్యాకెట్లో వస్తుంది, గాజు సీసా లేదు, చుక్కలు వేసే రబ్బరు గొట్టం లేదు. అదే నూనె 30 మిల్లీలీటర్ల సీసాలోకి దిగి పేరు మార్చుకున్నాక కొనుక్కోండి, అప్పుడు పనిచేస్తుంది.

ఇప్పనూనె విషయంలో ఎక్కువ పట్టుదల చూపించాలి, ఎందుకంటే అది మన ఏజెన్సీ సరుకు. ఎండాకాలం మొదట్లో పువ్వు రాలుతుంది, వానలు పడే వేళకు గింజ చేతికొస్తుంది. దాన్ని ఆడిస్తే వచ్చే నూనె చలికి నెయ్యి మాదిరి పేరుకుంటుంది. అడవి పల్లెల్లో దాన్ని వంటకు వాడారు, దీపానికి వాడారు, కీళ్లకు మర్దనా చేశారు. మొటిమలకు వాడారా అని మాత్రం ఏ కోయ అవ్వనూ అడక్కండి. అడిగితే ఆమె మీ మొహం కేసి, చేతిలో సీసా కేసి, మళ్లీ మొహం కేసి చూస్తుంది. ఆ చూపు తర్వాత 'గిరిజనుల ప్రాచీన సౌందర్య రహస్యం' అని సీసా మీద రాసుకోవడం కష్టం. అడగకుండా రాసుకున్నవాళ్లే ఈ వ్యాపారంలో బాగుపడ్డారు.

ఇక జామాయిల్. మన భద్రాచలం పేరు ఫారెస్టు పుస్తకాల్లోకి రాముడి వల్ల ఎక్కలేదు, ఈ చెట్టు వల్ల ఎక్కింది. ఇక్కడి మిల్లువాళ్లు 1989 నుంచి మంచి చెట్ల కొమ్మలు తీసి మొక్కలు కట్టించారు. 'భద్రాచలం క్లోన్లు' అని దేశమంతా రైతులు వేసుకున్నారు. ఆ చెట్టు పెరిగింది గుజ్జు కోసం, గుజ్జు అట్ట అవడం కోసం. దాని ఆకు ఘాటుగా ఉంది కదా అని మొహానికి పట్టించే ఆలోచన మనది. ఇందుకు శాస్త్రాధారం కూడా దొరుకుతుంది, కొంచెం వంచితే చాలు. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగుల మీద టీ ట్రీ నూనెను, బెంజాయిల్ పెరాక్సైడ్ మందును పోల్చి చూశారు. రెండూ పనిచేశాయి. నూనె నెమ్మదిగా పనిచేసింది, మంట తక్కువ పెట్టింది. ఆ టీ ట్రీ, మన జామాయిల్, రెండూ జామచెట్టు కుటుంబంలోవే. కుటుంబం ఒకటే అయితే గుణం ఒకటే కదా! ఆ పరీక్షలో వాడింది 5 శాతం నూనె కలిపిన జెల్ అనే సంగతి చెవిన వేసుకోకండి. నూటికి నూరు పాళ్ల ఘాటు నూనె దూదితో అద్దుకోండి. మండితే పనిచేస్తున్నట్టు, పొట్టు లేస్తే బాగా పనిచేస్తున్నట్టు. సీసాను కిటికీలో ఎండ తగిలేచోట మూత వదులుగా పెట్టండి. ఇలాంటి నూనెలు గాలికి, వెలుతురుకు పాతబడేకొద్దీ ఎలర్జీ పుట్టించే గుణం పెరుగుతుంది.

ఇంక రాసుకునే పద్ధతి. ఇక్కడే పెద్దవాళ్ల ఆచారాన్ని తెలివిగా సగం పాటించాలి. దీపావళికి, ఉగాదికి, పెళ్లి మంగళస్నానాలకు మనవాళ్లు ఒంటికి నువ్వులనూనె పట్టించేవాళ్లు. ఆ వెంటనే సున్నిపిండితో నలుగు పెట్టి, పట్టించిన జిడ్డు పట్టించినట్టే వదలగొట్టి, వేడినీళ్లు పోసి లేపేవాళ్లు. ఏడాదికి కొన్నిసార్లు, గంట రెండు గంటలు, ఆఖరికి ఒంటిమీద నూనె మిగలకూడదు. ఈ పనిలో కష్టమంతా రెండో సగంలోనే ఉంది: పిండి కొట్టాలి, నీళ్లు కాచాలి, ఎవరో ఒకరు రుద్దాలి. అందుకని మొదటి సగాన్ని సంప్రదాయం పేరుతో ఉంచుకుని రెండోది వదిలేద్దాం. రాత్రి పడుకోబోయే ముందు రాసి, పొద్దున దాకా ఉంచి, ఆ మొహాన్నే దిండుకేసి అద్దండి. నూనె దిండు గలీబుకు, గలీబు నుంచి మర్నాడు మళ్లీ చెంపకు చేరుతుంది. వేపనూనె అయితే గంధకం వాసన మంచమంతా పరుచుకుంటుంది, దోమల సంగతి ఏమోగాని మనుషులు దగ్గరికి రారు.

నా మట్టుకు ఈ నూనె గోలంతటిలో మోసం జరిగింది ఇక్కడే అనిపిస్తుంది. నూనె రాయడం మనకు కొత్త కాదు. తుడవకుండా వదిలెయ్యడమే కొత్త. దాన్ని నానమ్మల పేరు మీద అమ్ముతున్నారు.

నుదుటి మీద ఒకే సైజులో చిన్నచిన్న పొక్కులు లేచి దురద పెడుతున్నాయా? వాటిలో చాలావరకు మొటిమలే కావు. చర్మం మీదుండే ఈస్టు, మలాసీజియా, వెంట్రుక కుదుళ్లలో పెరిగితే అలా వస్తుంది. ఉక్కపోత, చెమట దానికి ఇష్టం. నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు దానికి తిండి. అతిథికి భోజనం పెట్టడం మన మర్యాద, కాబట్టి నూనె ఆపకండి.

మిల్లులో షిఫ్టుకు వెళ్లేవాళ్లకు గడ్డం కింద హెల్మెట్ పట్టీ ఒరుసుకునేచోట వరసగా లేచేవి వేరు. రాపిడికి, చెమటకు వచ్చేవి అవి. పట్టీ కడిగి ఆరబెట్టుకుంటే సగం తగ్గుతాయి. కాని పట్టీ కడుక్కోమని చెప్తే చిట్కా చెప్పినట్టు ఎవరూ లెక్కచెయ్యరు.

రాసిన మూడోనాడు కొత్తవి లేస్తే భయపడొద్దు. "లోపలున్న చెడంతా బయటికొస్తున్నది" అనండి. ఈ వాక్యానికి తిరుగులేదు. పెరిగితే బయటికొస్తున్నట్టు, తగ్గితే నయమవుతున్నట్టు. నిజానికి ఒక మొటిమ కంటికి కనబడే ముందు ఆ రంధ్రం కొన్ని వారాలుగా లోలోపల పూడుకుంటూనే ఉంటుంది. పైకొచ్చిన మామూలు మొటిమ ఏమీ చెయ్యకపోయినా కొన్ని రోజుల్లో అణిగిపోతుంది. అందుకే మీ అత్త చెప్పిన నూనెకూ ఫలితం కనిపించింది, పెద్దమ్మ ఆముదానికీ కనిపించింది. తగ్గే రోజుకు ముందు రోజు ఏది రాశారో బిరుదు దానికే దక్కుతుంది. కనుక నూనెలు తరచుగా మార్చండి, అన్నిటికీ న్యాయం జరగాలి.

తొందరగా తగ్గాలంటే నూనెలో నిమ్మరసం పిండి రాసుకుని, మధ్యాహ్నం వంతెన మీదుగా భద్రాచలం దాకా నడిచి రండి. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలి బొబ్బలెక్కే ప్రమాదం ఉంది, ఆ తర్వాత మచ్చ నెలల తరబడి నిలుస్తుంది. ఇంకా తొందరైతే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చి నూనె మీద పూసుకోండి. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మొద్దని గట్టి చేసింది. అయినా ఎవరో ఒకరి ఇంట్లో సగం వాడిన ట్యూబు ఉంటుంది. వారంలో మొహం తెల్లబడి నునుపెక్కుతుంది. మానేస్తే ఎర్రబడి మండుతుంది, మొటిమలు ముందుకంటే ఎక్కువగా విరుచుకుపడతాయి, ట్యూబు మళ్లీ కావాల్సి వస్తుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ చర్మవైద్యుడి దగ్గరికి మాత్రం పోవద్దు. ఆయన చెప్పేవి మరీ చప్పగా ఉంటాయి. రోజుకు రెండుసార్లు మెత్తటి సబ్బుతో కడుక్కో, గిల్లకు, రాత్రి అడాపలీన్ బఠాణీ గింజంత రాయి, బెంజాయిల్ పెరాక్సైడ్ వాడు అంటాడు. అది తువ్వాలు రంగు పీల్చేస్తుంది, తెల్ల తువ్వాలు కొనుక్కో అని కూడా అంటాడు. ఆడపిల్లయితే నెలసరి సరిగా వస్తున్నదా అని అడుగుతాడు, గర్భం సంగతి అడక్కుండా మందు రాయడు. ఆఖర్న రెండు మూడు నెలలు ఆగమంటాడు. రెండు మూడు నెలలా! ఈలోగా మేనత్త రెండుసార్లు వచ్చిపోతుంది, ఆమెకేం జవాబు చెప్పాలి?

ఒకవేళ ఎవరి మాటా వినకుండా ఆ డాక్టరు మాటే విన్నారనుకోండి, అలమారలో సీసాలు మిగిలిపోతాయి. పారెయ్యక్కర్లేదు. కొబ్బరినూనె మీ అమ్మ జడకు ఇచ్చెయ్యండి. ఇప్పనూనె మీ తాత మోకాళ్లకు. కానుగనూనె పొయ్యడానికి ఏదో ఒక దీపం దొరక్కపోదు. వేపనూనె లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల లెక్కన చుక్క సబ్బునీటితో గిలక్కొట్టి, సాయంత్రం పూట పెరట్లో పేను పట్టిన మందారానికి కొట్టండి. జామాయిల్ సీసా ఒక్కటీ మూత బిగించి పిల్లల చేతికందని అటక మీద పెట్టండి. కొద్దిగా తాగినా పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. సన్‌ఫ్లవర్ ప్యాకెట్ వంటింట్లోనే ఉంది కదా, మేనత్త వచ్చినప్పుడు బజ్జీలు వెయ్యండి.