పేట బస్సు ఎక్కని చట్టం

గురువారం మధ్యాహ్నం ఆత్మకూరు బస్టాండులో పేట బస్సెక్కి కూర్చుంటే దేశంలోని నీతిశాస్త్రాలన్నీ ఒక్కచోట కనబడతాయి. పేట అంటే అనుమసముద్రంపేట. బోర్డు మీద ఏఎస్ పేట అని రాస్తారు, ఎక్కేవాళ్లు పేట అంటారు, మొక్కుకున్నవాళ్లు దర్గా అంటారు. మొన్న నా ముందు సీట్లో ఒకావిడ కూర్చుంది, పక్కన పాతికేళ్ల కొడుకు. అతని ఎడమ మణికట్టుకు తల్లి కొంగు కట్టి ఉంది. రెండు ముళ్లు. పెళ్లికి మూడు వేస్తారు, పిచ్చికి రెండు చాలనుకున్నారేమో. కుర్రాడు కిటికీలోంచి స్టాండులో ఆగిన బస్సుల నంబర్లు చదువుతున్నాడు, ఒక్కటీ వదలకుండా.

"ఏమైందమ్మా?" అని అడిగాను. అడగాల్సింది కొడుకుని, అడిగింది తల్లిని. ఇవాళ నేను తిట్టబోయేవాళ్లలో మొదటి పేరు అందుకే నాది.

"గాలి సోకిందయ్యా. నెల్లూరు పొగతోటలో చూపిచ్చినాం. బిళ్లలిచ్చినారు. రెండు నెలలు మింగినాడు, బాగైనాడు. బాగైనాక బిళ్లలెందుకని మాన్పిచ్చినాం. మళ్లీ మొదులుకొచ్చింది. డాక్టరు మందు నిలవలేదు గదా, ఇంక స్వామే దిక్కని..."

"డాక్టరు అబ్బాయిని ఏమడిగినాడు?"

"వాణ్ణేం అడుగుతాడు? నన్నే అడిగినాడు. వాడేం చెప్తాడయ్యా, పిచ్చోడు!"

ఆ కుర్రాడికి తెలియని సంగతి ఒకటుంది. 2018 మే 29 నుంచి అతను మహారాజు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో పార్లమెంటు దాటి, ఆ రోజున అమల్లోకి వచ్చింది. అతనికి చేరువలో, చాలినంతగా, మంచి నాణ్యతతో వైద్యం అందాలి. అది ప్రభుత్వం దయ కాదు, అతని హక్కు. దారిద్య్రరేఖకు దిగువనుంటే పైసా ఖర్చు ఉండకూడదు. రోగం ఉన్నంత మాత్రాన తన వైద్యం గురించి తనే నిర్ణయించుకునే శక్తి లేదనుకోకూడదు. రేపు జబ్బు ముదిరితే నాకు ఇలాంటి వైద్యం చెయ్యండి, ఇలాంటిది వద్దు అని ఇవాళే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని తనే ఎంచుకోవచ్చు. హక్కులకు భంగం కలిగితే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు తలుపు తట్టొచ్చు. ఆ తలుపు ఎక్కడుందో పేట బస్సులో ఎవరినడిగినా చెప్పలేరు. నేను అడిగి చూశాను. "ఏం బోర్డు? కరెంటు బోర్డా?" అన్నాడు వెనక సీటాయన.

చట్టం మర్యాద కూడా నేర్చింది. 1912 నాటి చట్టం ఇలాంటివాణ్ణి లూనటిక్ అంది. 1987 నాటిది మానసిక రోగి అంది. 2017 నాటిది మానసిక అస్వస్థత గల వ్యక్తి అంటోంది. నూటఅయిదేళ్లలో పిచ్చివాడికి పేరు పొడవైంది. బస్సులో మాత్రం ఇంకా పిచ్చోడే.

మా పక్కనే ఉదయగిరి. అక్కడ కొయ్యతో చెంచాలు చెక్కుతారు, పిడి మీద పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం. కొన్నవాళ్లలో ఎవరూ దాంతో అన్నం కలిపిన పాపాన పోలేదు. అద్దాల బీరువాలో పెట్టి, వచ్చిన చుట్టాలకు చూపిస్తారు. మన చట్టం కూడా అంతర్జాతీయ సదస్సులకు వచ్చిన చుట్టాలకు చూపించే చెంచాయే.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది 3వ సెక్షన్. ఊళ్లో చెలామణీలో ఉన్న నీతికీ, ఆచారానికీ, మత విశ్వాసానికీ, పనిపాటల పద్ధతికీ ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగం అంటగట్టకూడదంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని నిజంగా అమలు చేస్తే మన భూతవైద్యుల్లో సగంమంది వేరే పని వెతుక్కోవాలి. వేరే కులం పిల్లవాణ్ణి ఇష్టపడిన పిల్లకు దయ్యం. ఇంజనీరింగు మానేసి పాటలు రాస్తానన్నవాడికి గాలి. మొగుడి వాటా పంచమని కోర్టుకెక్కిన ఆడమనిషికి చేతబడి. మన దయ్యాలకు కులం పట్టింపు మహా ఎక్కువ. సొంత కులంలో, ఆస్తిపాస్తులున్న సంబంధం మీద మనసుపడిన పిల్లను దయ్యం పట్టిన దాఖలా నేనింతవరకూ వినలేదు.

ఇక నిజంగా రోగం ఉన్నవాడి సంగతి. వాడికి రోగమని మొదటి మూడేళ్లు ఎవరూ ఒప్పుకోరు. సోమరి అంటారు, తిక్క అంటారు, ముసుగుతన్ని పడుకున్నాడంటారు. ఆ తర్వాత మన వైద్యం మొదలవుతుంది. సైకియాట్రిస్టు చీటీ కంటే ముందు పడే మందు పెళ్లి. "ఓ ఇంటివాణ్ణి చేస్తే వాడే కుదురుకుంటాడు." మందు వికటిస్తే దానికీ ఏర్పాటుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం మతిస్థిమితం లేకపోవడాన్ని విడాకులకు కారణంగా చేర్చుకుంది. మూర్ఛరోగం ఉన్నా పెళ్లికి పనికిరారని అదే చట్టంలో ఉండేది. ఆ మాట కొట్టెయ్యడానికి 1999 దాకా పట్టింది. అంటే పెళ్లి పందిట్లో పిచ్చి దాచడం పరువు, కోర్టులో బయటపెట్టడం న్యాయం. ఈ మందు మింగిన పిల్ల మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ఆమెకు వేరే బస్సుంది. అదీ పేటకే వస్తుంది.

మళ్లీ ఆ కొంగు దగ్గరికొద్దాం. 95వ సెక్షన్ ప్రకారం మానసిక అస్వస్థత ఉన్నవారిని ఏ పద్ధతిలోనూ, ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదు. కొంగు గొలుసు అవుతుందా కాదా అని మన వకీళ్లు పదేళ్లు వాదించుకోగలరు. అవుతుందనే తేలిందనుకోండి. చట్టాన్ని మీరితే మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం గారు ఢిల్లీ నుంచి ఇంత దూరం వస్తే దొరికే మొదటి ముద్దాయి ఈ తల్లి! చేరువలో వైద్యం అందిస్తానని రాసిచ్చి అందించనివాళ్ల చేతికి సంకెళ్లు పడవు. కొంగు తప్ప ఇంకో సాధనం లేని మనిషికి పడతాయి.

ఇంకో తమాషా. మానసిక రోగులను చేర్చుకుని ఉంచే ప్రతి చోటూ రిజిస్టరు కావాలి. బంధువులతో కలిసి ఉండే ఇల్లు మాత్రం ఆ లెక్కలోకి రాదు. మంచి మాటే. మరి తల్లీకొడుకులు మొక్కు తీరేదాకా ఏ పుణ్యక్షేత్రం సందులోనో అద్దెకు తీసుకునే గది? అది ఇల్లా, ఆస్పత్రా, సత్రమా? గది లోపల రోగం ఉంది, వైద్యం లేదు. తల్లి ఉంది, కాబట్టి ఇల్లే. అద్దె ఉంది, కాబట్టి ఇల్లు కాదు. ఇన్‌స్పెక్టరు గారు వస్తే గడప ఇవతల నిలబడి తల గోక్కోవాల్సిందే. రారు కాబట్టి ఆయన తల క్షేమం.

ఈ నిర్వచనాల వెనక బూడిద ఉంది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమం పాక అంటుకుంది. లోపలివాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, రాష్ట్రాలకు తాఖీదులు వెళ్లాయి, దేశమంతా ఒక నెల సిగ్గుపడింది. పదిహేడేళ్లు దాటాక, 2019 జనవరిలో, అదే కోర్టు ముందుకు ఉత్తరప్రదేశ్ బదాయూఁలో ఓ ప్రార్థనా స్థలం దగ్గర గొలుసుల్లో ఉన్నవాళ్ల ఫొటోలు వచ్చాయి. ఇది అమానుషం అని కోర్టు మళ్లీ చెప్పింది. గొలుసు గట్టిది, మన సిగ్గే నాసిరకం.

ఇక్కడ కొందరు చదువుకున్న పెద్దమనుషులు లేచి, "మూఢనమ్మకాలండీ, ముందు ఈ దర్గాలూ గుళ్లూ మూయించాలి" అంటారు. వాళ్ల కోసం ఒక మాట. పేటలో హజరత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గాలో నిద్ర చెయ్యడానికి హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. ఆధార్ అడగరు, రెఫరల్ చీటీ అడగరు, సర్వరు డౌనయిందని చెప్పరు. రాత్రి పూట పిచ్చివాడికి తలుపు తీసే చోటు ఈ చుట్టుపక్కల ఇంకొకటుంటే చూపించండి, నేనే బస్సు చార్జీ ఇస్తాను.

ఒట్టి భక్తితో అంటున్న మాట కాదిది. తమిళనాడులో ఒక గుడి దగ్గర ఉన్న 31 మంది రోగులను పరిశీలించిన వ్యాసం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రాసినవాళ్లలో నిమ్హాన్స్ డాక్టర్లున్నారు. ప్రత్యేకంగా ఏ మంత్రమూ తంత్రమూ లేకుండా, భయపెట్టని చోట, అయినవాళ్ల పక్కన కొన్ని వారాలు ఉన్నందుకే రోగ లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గిందని తేల్చారు. గుజరాత్ ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర ఇంకో అడుగు వేశారు. దువా అక్కడే, దవా అక్కడే. ఒకచోట మొక్కు, పక్కనే డాక్టరు. పీర్ సాహెబుకు అభ్యంతరం లేదు, మాత్రకు అభ్యంతరం లేదు. దేవుడూ డాక్టరూ కలిసి పనిచెయ్యడానికి ఒప్పుకున్నాక, మన దగ్గర మాత్రం మధ్యలోకి రాని శాఖ ఏదో మీకు తెలుసు.

లెక్కలు కావాలా? 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. రోగాన్ని బట్టి పదిమందిలో ఏడుగురి నుంచి తొమ్మిదిమంది దాకా వైద్యం అందనివాళ్లేనని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదు. మనకు పిచ్చి లేదని కాదు, లెక్కలేదు. ప్రభుత్వ మానసిక వైద్యశాల అనగానే మనవాళ్ల నోట వచ్చే పేరు విశాఖపట్నం. పేట నుంచి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. చట్టంలో 'చేరువ' అంటే ఏమిటో ఇప్పుడర్థమైంది కదా. 2022 అక్టోబరు నుంచి 14416కి ఫోను చేస్తే కూడా మాట్లాడతారు. మంచి పనే, వంక పెట్టను. ఫోను మాత్రం కొంగు విప్పలేదు.

చట్టానికి మా నెల్లూరు జిల్లా దారి తెలియదనుకోకండి. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందుకు జనం విరగబడినప్పుడు ఎంత చురుగ్గా కదిలిందో చూశాం. మే 21న పంపిణీ ఆగింది, ఆయుష్ వాళ్లొచ్చారు, హైకోర్టు విచారించింది, మే 31 కల్లా కంట్లో వేసేదాన్ని ఆపి, మిగతావాటిలో చాలావాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చేసింది. పది రోజులు! గుంపుగా ఎగబడితే నీతీ, చట్టమూ, విజ్ఞానమూ ముగ్గురూ కారెక్కి వస్తారు. పిచ్చివాడి చిక్కల్లా వాడు ఒంటరిగా రావడమే. ఓటర్ల క్యూ కట్టలేడు.

ఈ కుర్రాడి పంచాయితీలో పెద్దలు నలుగురు. పరువు గారు దాచిపెట్టమన్నారు. భక్తి గారు నిద్ర చెయ్యమన్నారు. వైద్యం గారు తల్లిని కూర్చోబెట్టి చీటీ రాశారు. వాణ్ణి కూడా ఒక మాట అడగండయ్యా అన్నది నాలుగో పెద్దమనిషి చట్టం ఒక్కరే. ఆయన మాత్రం పంచాయితీకి రాలేదు.

బస్సు కదిలింది. కండక్టరు మిషను పట్టుకుని వచ్చాడు. "యాడికమ్మా?"

"పేటకి." ఆధార్ కార్డు తీసి చూపించింది. స్త్రీశక్తి టికెట్టు, సున్నా రూపాయలు. దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. మొగవాళ్లకు డబ్బు టికెట్టు వేరే కొట్టాలి కాబట్టి కండక్టరు కుర్రాడి వైపు తిరిగాడు.

"నీకబ్బయ్యా? యాడికి?"

కిటికీలోంచి తల తిప్పి, కండక్టరు ముఖంలోకి చూసి, నంబరు చదివినంత స్పష్టంగా చెప్పాడు.

"పొగతోటకి."

బస్సంతా గొల్లుమంది. "ఇది అటు పోదబ్బయ్యా" అని కండక్టరు నవ్వుతూనే పేటకు టికెట్టు కొట్టాడు. తల్లి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, కొంగుముడి ఒకసారి లాగి చూసుకుంది.