వినయానికి శిలాఫలకం

తనకు అహంకారం లేదన్న సంగతి నలుగురికీ తెలిసేలా ఏర్పాట్లు చేసుకోవడాన్ని ప్రకటిత వినయం అంటారు. వినయం స్థూలంగా రెండు రకాలు. మొదటిది సహజ వినయం. దీనికి సాక్షులుండరు, ఫొటోలుండవు. అందువల్ల దీని గురించిన సమాచారం బహు తక్కువ. రెండోది ప్రకటిత వినయం. దీనికి వేదిక, మైకు, శాలువా, పూలదండ, ఫ్లెక్సీ, పాలరాతి పలక కావాలి. ఇది ఏ ఒక్క మతానికీ పరిమితం కాదు. దాత పేరు పెద్దక్షరాలతో రాయించడం వల్ల వెలుతురు సగం తగ్గిన ట్యూబులైట్లు అన్ని మతాల ప్రార్థనా స్థలాల్లోనూ కనిపిస్తాయి. అయితే క్రైస్తవ సమాజంలో దీని స్థితి ప్రత్యేకం. ఆ సమాజం చేతిలో ఉన్న గ్రంథం గర్వాన్ని తప్పుపట్టినంత గట్టిగా తప్పుపట్టిన విషయాలు కొద్దే. ఆ గ్రంథాన్నే చంకన పెట్టుకుని గర్వపడాలంటే సామాన్యమైన నేర్పు చాలదు.

ముందుగా గ్రంథం చెప్పేదేమిటో చూడాలి. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. చాలా భాగం సొలొమోను పేరు మీద, చివరి రెండు అధ్యాయాలు ఆగూరు, లెమూయేలు పేర్ల మీద ఉన్నాయి. ఆరో అధ్యాయంలో దేవుడికి గిట్టని ఏడు విషయాల పట్టిక ఉంది. అందులో నిరపరాధి రక్తం చిందించే చేతులకు దక్కింది మూడో స్థానమే. మొదటి స్థానం గర్వంతో పైకెత్తిన కళ్లది. పదహారో అధ్యాయం గర్వాన్ని పతనానికి ముందు నడిచే బంటుగా చూపిస్తుంది. హత్యకు శిక్షాస్మృతిలో సెక్షను ఉంది గానీ చూపుకు లేదు. పట్టికలో మూడోదానికి అందరూ జడుస్తున్నా, మొదటిదాన్ని వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టడానికి కారణం ఇదే కావచ్చు.

గర్వానికి బైబిలులో చరిత్ర కూడా ఉంది. ఇశ్రాయేలు మొదటి రాజైన సౌలు యుద్ధం గెలిచి కర్మెలులో తనకు తానే జ్ఞాపక చిహ్నం నిలబెట్టుకున్నాడు. దావీదు కొడుకు అబ్షాలోము తన పేరు నిలిపే కొడుకు లేడని రాజు లోయలో తన పేరిట స్తంభం కట్టించుకున్నాడు. బబులోను రాజు నెబుకద్నెజరు మేడ మీద పచార్లు చేస్తూ ఈ మహానగరాన్ని కట్టింది తానేనని మురిసిపోయాడని, ఆ మాట నోట్లో ఉండగానే మతి తప్పి ఎద్దులా గడ్డి మేశాడని దానియేలు గ్రంథం చెబుతుంది. గడ్డి మేసిన సంగతికి తవ్వకాల్లో ఆధారం దొరకలేదు గానీ మురిసిపోయిన సంగతికి మాత్రం బోలెడంత దొరికింది. జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ కోల్డెవై 1899 నుంచి 1917 వరకు అక్కడ తవ్వించాడు. నెబుకద్నెజరు పేరు ముద్రించిన ఇటుకలు కుప్పలుగా బయటపడ్డాయి. గోడకు ఒక్క పలకతో సరిపెట్టుకునే నేటి దాత ఆ లెక్కన మితభాషి.

అయితే వీళ్లంతా పాతకాలపు మనుషులు. గర్వాన్ని గర్వంగానే చూపించుకున్నారు. ఇందులో నా గొప్పేమీ లేదు, అంతా పైవాడి దయ అనే మాట వీళ్లకు తట్టలేదు. భక్తిని కూడా ప్రదర్శనకు పెట్టవచ్చని కనిపెట్టినవాళ్లలో ఇశ్రాయేలు రాజు యెహూ ముందువరుసలో ఉంటాడు. దేవుడి పట్ల తన ఆసక్తి ఎంతటిదో చూద్దువు రమ్మని యెహోనాదాబును చెయ్యి పట్టి రథం ఎక్కించుకున్నాడు. ఇప్పుడు రథం అవసరం లేదు, ప్రత్యక్ష ప్రసారం ఉంది.

ఈ విద్యకు మెరుగులు దిద్దింది లూకా సువార్త 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు. అతను ఎక్కడా తనను తాను పొగుడుకోలేదు. దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. దొంగలా, వ్యభిచారిలా, అదిగో ఆ పన్నులు వసూలు చేసే సుంకరిలా తనను పుట్టించనందుకు వందనాలు అర్పించాడు. ధర్మశాస్త్రం విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్క రోజు, ప్రాయశ్చిత్త దినాన. అతను వారానికి రెండుసార్లు ఉండేవాడు, అంటే ఏడాదికి వంద పైచిలుకు. దశమభాగంలోనూ బాకీ లేదు. ఇంత పద్దు చదివినా నీతిమంతుడని తీర్పు పొంది ఇంటికి వెళ్లింది మాత్రం దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరే. ఈ కథ విన్నవాళ్లలో ఎక్కువమంది, ఆ పరిసయ్యుడిలా తమను పుట్టించనందుకు దేవుడికి వందనాలు చెప్పుకుని ఇంటికి వెళ్తారు. కథ ఉచ్చు అక్కడే ఉంది.

ప్రకటిత వినయానికి సాధనాలు నాలుగు: బిరుదు, కుర్చీ, ప్రశంస, దానం. ఈ నాలుగింటి గురించీ గ్రంథంలో హెచ్చరికలున్నాయి. ప్రతి హెచ్చరికకూ ఆచరణలో ఒక విరుగుడు ఉంది.

బిరుదు విషయంలో మత్తయి సువార్త 23వ అధ్యాయం కటువుగా ఉంటుంది. బోధకుడని, తండ్రి అని, గురువని పిలిపించుకోవద్దంటుంది. గొప్పవాడు కావాలనుకునేవాడు సేవకుడు కావాలంటుంది. విరుగుడు సులువే: సేవకుడు అనే మాటనే బిరుదు చేసుకోవాలి. ఈ ప్రయోగానికి పాత చరిత్ర ఉంది. క్రీ.శ. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మొదటి గ్రెగరీ కాలంలో కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి యోహాను విశ్వ పీఠాధిపతి అనే బిరుదు వాడాడు. గ్రెగరీ దాన్ని గర్వమని ఖండించి, తన లేఖల్లో దేవుని దాసులకు దాసుడు అని రాసుకున్నాడు. ఆయన రాసుకున్నది నిజమైన వినయంతో కావచ్చు. ఆ దాస్యం మాత్రం తర్వాతి పోపులకు అధికారిక బిరుదుగా స్థిరపడి, శతాబ్దాల పాటు రాజముద్రలతో సమానమైన ముద్రల కింద వెలిగింది. తెలుగునాట దీనికి మరింత విస్తృతమైన రూపం ఉంది. మహాసభల ఫ్లెక్సీ మీద రెవరెండ్, డాక్టర్, బిషప్, అపొస్తలుడు అనే పదాలన్నీ వరుసగా నడిచి వెళ్లాక, చిట్టచివర దైవసేవకులు అని ఉంటుంది. ఆ సేవకులుంగారి ఫొటో ఎనిమిది అడుగులు. ఆయన సేవించే ప్రభువుకు మూలన చిన్న సిలువ గుర్తుగా చోటిస్తారు. యజమాని కన్నా సేవకుడు ఎత్తుగా కనిపించే ఉద్యోగం ఇదొక్కటే.

కుర్చీ విషయం లూకా 14వ అధ్యాయంలో ఉంది. విందుకు వెళితే అగ్రస్థానంలో కూర్చోవద్దని, చివరన కూర్చుంటే పిలిచినవాడే వచ్చి పైకి రమ్మంటాడని అక్కడి ఉపమానం. రాజు ఎదుట గొప్పవాళ్ల చోట నిలబడొద్దని సామెతల గ్రంథం 25వ అధ్యాయం అంతకు ముందే చెప్పింది. ఉపమానాన్ని కొందరు పైకి వెళ్లే దారిగా చదువుకున్నారు. ముందు వరుస దాటి వెళ్లి, అందరూ చూస్తుండగా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. నిర్వాహకులు కంగారుపడి మైకులో పేరు పిలుస్తారు. వద్దన్నట్టు రెండుసార్లు చెయ్యూపాలి. మూడోసారి లేచి, చేతులు జోడించుకుంటూ, నడవ పొడుగునా అందరి వందనాలూ అందుకుంటూ వేదికెక్కాలి. తిన్నగా ముందు కూర్చున్నవాడికి ఈ ఊరేగింపు దక్కదు. రెండుసార్లు చెయ్యూపినా మూడోసారి పిలవకపోతే కలిగే మనోవేదనను బట్టి ఆ వినయం బరువెంతో తూచవచ్చు.

ప్రశంస గురించి సామెతల గ్రంథం 27వ అధ్యాయం సలహా ఒక్కటే: పొగిడేది పరాయి నోరై ఉండాలి, సొంత నోరు కాకూడదు. దీన్ని అక్షరాలా పాటిస్తున్నారు. నోరు పరాయిదే, అందులోంచి వచ్చే కాగితం మాత్రం సొంతం. తన సన్మాన పత్రం తానే రాసుకోవడానికి బైబిలులో ఉదాహరణ ఎస్తేరు గ్రంథంలోని మంత్రి హామాను. రాజు ఒకరిని గౌరవించాలనుకుంటే ఏం చేయాలని అడిగితే, ఆ ఒకరు తానే అనుకుని కార్యక్రమమంతా వర్ణించాడు: రాజు తొడిగిన వస్త్రం, రాజు ఎక్కిన గుర్రం, ముందు నడుస్తూ చాటింపు. రాజు అన్నిటికీ ఒప్పుకున్నాడు. తేడా పేరులో వచ్చింది. గుర్రమెక్కింది హామానుకు కంటగింపైన మొర్దెకై. కళ్లెం పట్టి చాటింపు వేస్తూ నడిచింది హామాను. సన్మానం రాసుకునేవాళ్లు పేరు దగ్గర ఖాళీ వదలకూడదని తేలింది.

దానం దగ్గర ఈ విద్య పరాకాష్ఠకు చేరుతుంది. దానం చేసేటప్పుడు బూర ఊదించవద్దని, కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయం. యెరూషలేము దేవాలయంలో కానుకల పెట్టెలు పదమూడని, అవి బూర ఆకారంలో ఉండేవని క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా చెబుతుంది. అదే గ్రంథం మరో గది సంగతి కూడా చెబుతుంది. దాని పేరు రహస్యుల గది. పాపభీతి గలవాళ్లు అక్కడ గుట్టుగా ఇచ్చేవాళ్లు. బాగా బతికి చితికిన కుటుంబాలవాళ్లు అంతే గుట్టుగా తీసుకునేవాళ్లు. ఇప్పటి పంపిణీలో ఒక దుప్పటికి పదకొండు చేతులు పడతాయి. పది దాతలవి, ఒకటి ముసలమ్మది. అందరూ కెమెరా వైపు చూస్తారు. చలి వేస్తున్నది ఎవరికో ఫొటోలో తేలిగ్గానే తెలుస్తుంది. ఎడమచేతికి తెలియకూడదన్న నియమానికి భంగం లేదు, అది సెల్‌ఫోన్ పట్టుకుని తీరిక లేకుండా ఉంటుంది. ఇక ఇస్తామని ప్రకటించి ఇవ్వనివాళ్లను సామెతల గ్రంథం 25వ అధ్యాయం వాన కురవని మబ్బు గాలితో పోల్చింది. వేదిక మీద లక్ష ప్రకటించి చప్పట్లు వసూలు చేసుకుని, తర్వాత కోశాధికారి ఫోను ఎత్తని దాతలు ఈ వాతావరణ విభాగంలోకి వస్తారు.

శిలాఫలకం పక్షాన ఒక గట్టి వాదన ఉంది. దీపాన్ని కుంచం కింద పెట్టరని, మనుషులు మీ మంచి పనులు చూడాలని మత్తయి 5వ అధ్యాయమే చెప్పింది కదా అని. చెప్పింది. చూసినవాళ్లు పరలోకపు తండ్రిని మహిమపరచాలని కూడా అదే వాక్యంలో ఉంది. వాక్యం రెండో సగానికి పలక మీద చోటు చాలడం లేదు. ఇంకొందరు, పేరు చూసి మరో నలుగురు ఇస్తారంటారు. ఇస్తారు. ఆ నలుగురు ముందుగా అడిగేది తమ పేరు మొదటి పేరుకు పైన వస్తుందా, కింద వస్తుందా అని.

భూమ్మీద ఉన్నవాళ్లందరిలోనూ మోషే మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండం 12వ అధ్యాయంలో ఉంది. సంప్రదాయం ప్రకారం ఆ గ్రంథం రాసింది మోషేనే. అంత సాత్వికుడు ఆ మాట తన చేత్తో ఎలా రాసుకున్నాడని పాఠకులు తరతరాలుగా ఇబ్బంది పడ్డారు. ఎవరో తర్వాత చేర్చి ఉంటారని సర్దిచెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక్క వాక్యానికే పూర్వులు అంత సిగ్గుపడ్డారు. ఇప్పుడు అలాంటి వాక్యాలు ఆహ్వాన పత్రికకు అరడజను అచ్చవుతున్నా ఇబ్బంది పడేవాళ్లు లేరు.

బైబిలు వినయాన్ని తల వంపులోనో చేతుల జోడింపులోనో వెతకదు, త్రాసులో వెతుకుతుంది. దొంగ త్రాసు దేవుడికి అసహ్యమని సామెతల గ్రంథం 11వ అధ్యాయం, రెండు రకాల తూనికలు అసహ్యమని 20వ అధ్యాయం చెబుతాయి. కొనడానికి ఒక గుండు, అమ్మడానికి మరో గుండు సంచిలో ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండం. ఆ తూనికకు హెబ్రీ మూలంలో వాడిన మాటకు అర్థం రాయి. రెండు తూనికలంటే అక్షరాలా రాయీ, రాయీ. సంచిలో రెండు రాళ్లున్నవాడు గోడకు మూడో రాయి చెక్కిస్తే లెక్క సరిపోతుందనేది ప్రకటిత వినయానికి మూల సూత్రం.

ఆ మూడో రాయిని తూచే కొలత కూడా ద్వితీయోపదేశకాండంలోనే, 24వ అధ్యాయంలో ఉంది: బీదవాడైన కూలివాడికి పొద్దుగూకకముందే కూలి ఇవ్వాలి. పలక మీద ఏం చెక్కారన్నది దానికి అనవసరం. ఆ పలక చెక్కినవాడి కూలి ఆ సాయంత్రమే ముట్టిందా లేదా అన్నదే అవసరం.