విరిగిన కర్ర చెప్పిన కథ

నేనొక చేతికర్రను. అదీ విరిగిన కర్రను. ఒక్క అక్షరం ముక్క రాదు. అయినా వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది నన్నే. పుస్తకాలకు ఈర్ష్య కలగదో ఏమో గాని, నాకు మాత్రం సిగ్గేస్తుంది.

1929లో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు. ఆ పర్యటనలోనే ఈ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతిలో ఉన్న నేను ఇక్కడే విరిగాను. మామూలు కర్రనైతే పొయ్యిలోకి పోయేదాన్ని. విరగడం వల్లే మిగిలాను!

గ్రంథాలయం నాకన్నా ముందే ఉంది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి, తోటి యువకులు హిందూ యువజన సంఘం పేరుతో దీన్ని మొదలుపెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా గ్రంథాలయాలు పెట్టమని తిరుగుతున్న రోజులవి. పక్కనున్న చీరాల-పేరాలలో 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నడిచి, మున్సిపాలిటీ పన్ను కట్టబోమని ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి రామ్‌నగర్ పాకల్లోకి వెళ్లిపోయారు. పత్రికలో ఏం రాశారో తెలుసుకోవాలన్న ఆకలి ఈ వైపు ఊరికే పుట్టలేదు మరి.

1948లో మద్రాసు ప్రభుత్వం గ్రంథాలయాల చట్టం చేసి ఇంటి పన్నుతోపాటు సెస్సు వసూలు చేయించింది. మంచిదే. కానీ సెస్సుకు ముప్పై ఏళ్ల ముందే ఈ చేనేత ఊరు తన పుస్తకాలు తాను కొనుక్కుంది. ఆ గొప్ప నాది కాదు, చందా ఇచ్చినవాళ్లది.

అసలు సొత్తు నా వెనక బీరువాల్లో ఉంది. పాత పత్రికల బైండ్లు, ఇప్పుడు అంగడిలో దొరకని పుస్తకాలు. పరిశోధకులు దూరాల నుంచి వచ్చేది వాటి కోసమే. నా ముందు ఒక్క నిమిషం నిలబడి, వాటి ముందు సాయంత్రం దాకా కూర్చుంటారు. తెలివైనవాళ్లు.

ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట. విజయవాడ నుంచి గూడూరు వైపు వెళ్లే రైలు మార్గంలో, చీరాల పక్కనే వేటపాలెం. నాతో ఫోటో దిగండి, కాదనను. ఆ తర్వాత మాత్రం ఒక పాత బైండు అడిగి తీసుకుని, కాసేపు కూర్చుని చదివి వెళ్లండి. మీ తాతగారి అటక మీద చెదలు తినే పుస్తకాలుంటే వాటినీ పట్టుకొస్తారా?