రైలెక్కితే నాలుగున్నరేళ్లు

మొన్న మా పిన్నిని బండెక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి, ఒక కుటుంబం పక్కన నిలబడాల్సి వచ్చింది. నాన్న, అమ్మ, రెండు సూట్‌కేసులు, ఒక పులిహోర డబ్బా, మధ్యలో నాన్న మోచేతిని దాటి ఎదిగిన అబ్బాయి. బండి ఇంకా రాలేదు గానీ రిహార్సల్ మొదలైంది. “టీసీ అంకుల్ వయసడిగితే?” “నాలుగున్నర.” “ఏం చదువుతున్నావంటే?” “నర్సరీ.” “మా బంగారమే!” అంతలో బంగారం తల పైకెత్తి, టికెట్ లేని ప్రయాణం శిక్షార్హమైన నేరమని రాసున్న బోర్డును గడగడా చదివేశాడు. తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి. శిక్షార్హంలో ఒత్తు కూడా జారలేదు. కొడుకు చదువుకు పొంగిపోవాలా, వాడి నోరు మూయాలా అన్న ధర్మసంకటం ఆ తండ్రి ముఖంలో రెండు క్షణాలు ఆడింది. చివరికి తొడపాశం పెట్టాడు.

టీసీ అటువైపు రానే లేదు. నర్సరీ పిల్లాడు నర్సరీ పిల్లాడిగానే విజయవాడ బండెక్కేశాడు. ఐదేళ్ల లోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండని వాళ్లకు అర టికెట్టు. 2016 ఏప్రిల్ నుంచి వాళ్లకు విడిగా బెర్తు కావాలంటే మాత్రం పూర్తి ఛార్జీ. అంటే ఇక్కడ మిగిలింది ఒక అర టికెట్టు. బండి కదిలేలోపు ఆ ఇల్లాలు కిటికీ పక్కనున్నావిడతో “పొదుపండీ, ఈ రోజుల్లో తప్పదు కదా” అనడం నా చెవిన పడింది. ఆ ముక్క దగ్గరే నాకు ఒళ్లు మండింది. అబద్ధమాడితే ఆడారు. మధ్యలో పొదుపును ఎందుకు లాగారు?

మన ఇళ్లలో వయసు సాగినట్టు రబ్బరు కూడా సాగదు. ఎల్‌కేజీ సీటు దగ్గర పిల్లాడికి నెలలు పెరుగుతాయి, రైల్వే కౌంటర్ దగ్గర ఏళ్లు తరుగుతాయి. ఉద్యోగానికి పనికొస్తుందని బళ్లో రెండేళ్లు తగ్గించి రాయించుకున్న పెద్దమనిషి, రైల్వేలో వృద్ధుల రాయితీ ఉన్న రోజుల్లో ఆ రెండేళ్లనూ తిరిగి కలుపుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. మగవాళ్లకు అరవై నిండితే 40 శాతం, ఆడవాళ్లకు యాభై ఎనిమిది నిండితే 50 శాతం తగ్గేది మరి. నెత్తిన నల్లరంగు, రిజర్వేషన్ ఫారంలో నెరిసిన జుట్టు. 2020 మార్చిలో కరోనాతో పాటే ఆ రాయితీ ఆగిపోయింది. ఎరిగినవాళ్లలో కొందరు ఆ ఒక్క రాత్రిలో మళ్లీ యాభై ఎనిమిదికి వచ్చేశారు. నిజంగా అరవై దాటి, పింఛను మీద బతికే వాళ్లకే దెబ్బ తగిలింది. వాళ్లకు వెనక్కి వెళ్లడానికి వేరే వయసు లేదు.

పొదుపంటే నాకు పడదని అనుకోకండి. మా ఇంట్లో బీరకాయ తొక్క పచ్చడవుతుంది. పాత ప్యాంటు కూరగాయల సంచి అవుతుంది, సంచి చిరిగితే మసిగుడ్డ అవుతుంది. టూత్‌పేస్టు గొట్టాన్ని మొదట మడుస్తాం, తర్వాత చపాతీ కర్రతో వత్తుతాం, ఆఖరున కత్తెరతో కోస్తాం. అరిగిపోయిన సబ్బుముక్క కొత్త సబ్బు వీపెక్కి ఇంకో వారం బతుకుతుంది. ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ చెబితే ఎవరూ ముఖం చిట్లించరు, సగం చాయ్‌కి కూడా అక్కడొక గౌరవముంది. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. తొక్కినవి ఆయన కాళ్లే. తగ్గించుకున్నవాడే తక్కువతో సరిపెట్టుకుంటే దాన్ని పొదుపు అనేవారు. ఇప్పుడు తగ్గించుకునే పని ఇంకొకరికి అప్పజెబుతున్నాం, వాళ్లతో ఒక మాటైనా అనకుండా.

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్తే ఈ తేడా తట్టల మధ్యే కనిపిస్తుంది. కిలో టమాటాలు తూచాక “ఇంకో రెండెయ్యమ్మా” అంటాం. ఆమె “నా నోట్ల మన్ను గొట్టుర్రి” అంటూనే రెండేస్తుంది. అది కొసరు. బేరమంత పాత మర్యాద. మొదట చెప్పిన ధరలోనే ఆ రెండు టమాటాలున్నాయని ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు. అదే ఆమె చిల్లర కోసం అటు తిరిగినప్పుడు నాలుగు పచ్చిమిరపకాయలు మన సంచిలో రాలితే దానికి తెలుగులో వేరే మాటుంది. కొసరును నోటితో అడుగుతారు. దీనికి చేతులు చాలు. ఇక రుచి చూసేవాళ్లది మరో శాఖ. పులుపేమోనని ద్రాక్షగుత్తిలో ఒకటి తెంపుతారు, తీపేనని నమ్మకం కుదిరేదాకా తెంపుతూనే ఉంటారు, ఆనక “ఇవాళ వద్దులే” అని కదులుతారు. వాళ్ల పొద్దుటి టిఫిన్ అక్కడితో అయిపోతుంది.

మన పెద్దలు ఈ మెట్లన్నిటికీ ముందే పేర్లు పెట్టి పోయారు. పొదుపరి, లోభి, పిసినారి, ఆ తర్వాత కక్కుర్తి మనిషి. పిసినారి తన కడుపు తానే మాడ్చుకుంటాడు గనుక వాడి మీద జాలిపడొచ్చు. కక్కుర్తి మనిషి చెయ్యి మాత్రం ఎప్పుడూ పక్కవాడి విస్తట్లోనే ఉంటుంది. ఇంత చక్కటి మాటలు చేతిలో ఉంచుకుని, అన్నిటినీ అవతల పారేసి, “భలే స్మార్ట్” అన్న ఒక్క మెచ్చుకోలుతో సరిపెడుతున్నాం. మాటల్లో మాత్రం నిజంగానే పొదుపు చేశాం.

జంటనగరాల్లో పిసినారితనానికి కొలబద్ద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ప్రపంచ కుబేరుడు. జేకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నవాడు. ఒంటి మీద మాసిన షేర్వాణీ, వేళ్ల మధ్య చవక చార్మినార్ సిగరెట్టు. ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు, ఆయన షేర్వాణీ ఆయన ఇష్టం. కథ నజరానా దగ్గర అడ్డం తిరిగింది. దర్బారుకు వచ్చినవాడు బంగారు అష్రఫీ సమర్పిస్తే, ప్రభువు దాన్ని తాకి తిరిగిచ్చేయడం ఆనవాయితీ. ఈయన తాకేవాడు గానీ తిరిగిచ్చేవాడు కాదు. మామిడిపళ్ల బుట్ట కానుకగా పంపి, బదులుగా నజరానా కోసం ఎదురుచూసేవాడని కూడా చెప్పుకుంటారు. (విశ్వవిద్యాలయం, ఆస్పత్రి కట్టించాడు నిజమే. అది వేరే పద్దు.) గద్దె మీద కూర్చుని చేశాడు కాబట్టి ముద్దుగా పిసినారితనం అన్నారు. అదే పని మోండాలో ఎవడైనా చేస్తే చుట్టూ జనం మూగేవాళ్లు.

సికింద్రాబాద్‌కే సొంతమైన కళ ఒకటుంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న నాటి నుంచీ ఇది పటాలం ఊరు. కాబట్టి మిలిటరీ క్యాంటీన్ కార్డు ఇక్కడ ఆస్తి. క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ 1948 నుంచి నడుస్తోంది. జీఎస్టీలో సగం దానికి వెనక్కి వస్తుంది, అందుకే అక్కడ కుక్కర్ చవక. రమ్ము సంగతి వేరే, అది ఇంకా చవక. సైనికుడికీ మాజీ సైనికుడికీ దేశం చెప్పుకున్న చిన్న కృతజ్ఞత అది. అయితే తిరుమలగిరి, బొల్లారం, మల్కాజిగిరి వైపు కాపురముంటే ఎవరికైనా ఒక ‘మిలిటరీ బాబాయి’ దొరుకుతాడు. రక్తసంబంధం అక్కర్లేదు, కార్డుంటే చాలు. “ఆయన తాగడు కదండీ, కోటా వృథా అయిపోతుంది” అన్నది వాదన. వృథా అంటే మనవాళ్లకు ప్రాణం విలవిల్లాడుతుంది. సరిహద్దులో మంచు చూసినవాడి కార్డు మీద, ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడనివాడి గ్లాసు నిండుతుంది. మూడో గ్లాసు నిండాక దేశంలో పెరిగిపోయిన అవినీతి మీద ప్రసంగం మొదలవుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది, ఆవేశం కూడా ఒకడిదే.

2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాయి. వాటితో పాటు ఒక గణితశాస్త్రం కూడా వచ్చింది. దగ్గరి స్టేషన్‌కు టికెట్ ఐదు రూపాయలు. పోనూ రానూ పది. నెలకు ఇరవై ఐదు రోజులు తిరిగితే 250. టికెట్ లేకుండా దొరికితే ఛార్జీ కాక కట్టాల్సిన కనీస జరిమానా కూడా 250. కాబట్టి నెలకోసారికి మించి దొరక్కపోతే పెద్ద నష్టం లేదని ఒక కుర్రాడు నాకు సంజీవయ్య పార్క్ స్టేషన్ దాటేలోపు నిరూపించాడు. ఇంత లెక్క వచ్చినవాడికి నెల పాసు దీనికన్నా చవకని తెలియదా? రైల్‌వన్ యాప్‌లో ఆర్-వ్యాలెట్‌తో టికెట్ కొంటే 3 శాతం కలిసొస్తుందని వినలేదా? అడిగాను. “తెలుసంకుల్, కానీ అందులో మజా ఏముంటది?” అన్నాడు. అబద్ధం చెప్పనందుకు వాడి మీద గౌరవం కలిగింది. తక్కిన వాళ్లందరూ దీన్ని అవసరమంటారు, వీడొక్కడే సరదా అన్నాడు.

“బండి ఎలాగూ పోయేదే కదా, మావాడెక్కితే దానికేం బరువు?” అన్నది రైల్వే పొదుపరుల మూలసూత్రం. ఏసీ బోగీలో ఈ సూత్రం ఇంకాస్త ముదురుతుంది. టికెట్ డబ్బులో పక్కబట్టల ఖర్చు కూడా ఉంది గనుక తువ్వాలు మనదే. అద్దె కట్టాం కదా అని ఇల్లు ఖాళీ చేస్తూ తలుపులు పీక్కుపోరు, అదొక్కటే మన అదృష్టం. 2017-18లో పోయిన చేతి తువ్వాళ్లు 1.95 లక్షలని ఒక్క పశ్చిమ రైల్వేనే లెక్క తేల్చింది. దుప్పట్లు ఎనభై వేలు దాటాయి. “ఇంత పెద్ద రైల్వేకు ఒక తువ్వాలొక లెక్కా?” అంటారు. రైల్వేకు కాకపోవచ్చు. దిగేటప్పుడు పక్కబట్టల లెక్క తగ్గితే కోత పడేది కాంట్రాక్టు మీద పనిచేసే అటెండెంటు జీతంలో. అర్ధరాత్రి మన పక్క సర్దిన కుర్రాడే వాడు. మన ఇంట్లో తువ్వాళ్ల మధ్య వాడి జీతం ముక్క ఒకటి ఆరేసి ఉంటుంది.

పానీపూరీ బండి దగ్గర కూడా చూడండి. ఫోన్ తెర మీద పచ్చ టిక్కు చూపించి నడిచిపోతారు, ఆ టిక్కు నిన్నటి ఫొటో. ఇలాంటి వాళ్లు ఎక్కువయ్యే బండి మీద, డబ్బు పడగానే మాట్లాడే పెట్టె వచ్చి కూర్చుంది. 2024లో ఫోన్‌పే వాళ్లు దానికి మహేష్ బాబు గొంతు పెట్టారు. ముప్పై రూపాయల పానీపూరీకి సినిమా హీరో సాక్ష్యం చెప్పాల్సిన కాలం. ఆ పెట్టెకు నెలనెలా అద్దె కట్టేది బండివాడే. మన మాట మీద నమ్మకం పోయినందుకు వాడు కడుతున్న పన్ను అది.

ఇదంతా గతిలేని వాళ్ల పనని ఎవరైనా అనుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏదైనా పెద్ద ఆఫీసుకు వెళ్లి చూడాలి. నాన్న కట్టిన ఇంట్లో, నాన్న తెచ్చిన పాలతో కాఫీ తాగుతూ, నాన్నకు నెలనెలా అద్దె కడుతున్నట్టు పన్ను మినహాయింపు కోసం రసీదులు తయారవుతుంటాయి. నిజంగా అద్దె కట్టి, నాన్న దాన్ని తన ఆదాయంలో చూపిస్తే చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇక్కడ తనకో అద్దెకున్నవాడు దొరికాడని నాన్నకే తెలియదు. పన్నెండు రసీదులు, ఒకే పెన్ను, ఒకే సంతకం, మే నెల మీదా డిసెంబరు మీదా ఒకే కాఫీ మరక. అద్దె ఏడాదికి లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి గనుక అది నెలకు 8,333 దగ్గర ఆగిపోతుంది. జంటనగరాల్లో అద్దె ఇంత నిలకడగా ఉన్న ఇల్లు ఇంకోటి లేదు. రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు మాత్రం అసలుది. ఈ రసీదుల మనిషే ఆదివారం పొద్దున మోండాలో కాటా వైపు వేలు చూపిస్తూ “తూకంలో మోసం చేస్తావా?” అని అరుస్తాడు. తెల్ల రేషన్ కార్డుకు అడ్డం రాకూడదని కారును పక్క గల్లీలో పెట్టేవాళ్ల గురించి ఇంకోసారి రాస్తాను. ఆ గల్లీలో ఇప్పుడు ఖాళీ లేదు.

ఇంత వాగుతున్నావు, ఆ పిల్లాడి సంగతి టీసీకి చెప్పలేకపోయావా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్‌కు గడువు రెండు గంటలు. పిన్ని బండి ఆలస్యమవడంతో నా టికెట్ గడువు అప్పటికే ఇరవై నిమిషాలు దాటిపోయింది. నిజం చెప్పాలంటే ఆ పిల్లాడు బోర్డు చదివిన స్తంభం చాటున నేను నిలబడ్డది కూడా అందుకే. వెళ్లి ఇంకో టికెట్ కొనాల్సింది. కొనలేదు. పది రూపాయలు మిగిలాయి.