కుదుపు కొనబోతే

విజయవాడ ఆటోనగర్లో మోటారు దొరకడం కష్టం కాదు. అది దేనికో చెప్పడమే కష్టం. ఏ కొట్టుకెళ్లినా, "దేనికి సార్, బోరుకా, గేటుకా, గ్రైండరుకా?" అని అడుగుతారు. "కుర్చీకి" అంటాను. కొట్టాయన గొంతు వెంటనే మెత్తబడుతుంది. "ఇంట్లో పెద్దాళ్లకా? మంచాన పడి ఎన్నాళ్లయింది?" అంటూ స్టూలు జరుపుతాడు. ఇక నిజం చెప్పక తప్పదు. నిక్షేపంలా ఉన్న నేనే కంప్యూటర్ ముందు కూర్చుని జర్మనీలో లారీ నడుపుతుంటాననీ, తెరమీద లారీ గతుకులో పడితే ఇక్కడ నా కుర్చీ ఎగిరిపడాలనీ, బ్రేకేస్తే నేను ముందుకు తూలాలనీ చెప్తాను. స్టూలు వెనక్కి వెళ్లిపోతుంది. ఒకాయనైతే రోడ్డుమీద బారుగా ఆగి ఉన్న లారీలు చూపించి, "అదిగో, ఆ మూడోదానికి డ్రైవరు కావాలంట సార్. జీతం కూడా ఇస్తారు" అన్నాడు.

ఆట పేరు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశపు కంపెనీ 2012లో తెచ్చింది. లారీ ముందుకెంత వాలింది, పక్కకెంత ఒరిగింది అన్న లెక్కలు అందులోంచి క్షణక్షణం బయటికి తీసుకోవచ్చు. ఆ అంకెల ప్రకారం కుర్చీని ఆడించడానికి మోటార్లు. అంతే కథ. ఈ అంతేలోనే నా సంసారం చిక్కుకుంది.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. విషయం విని చాలాసేపు నా మొహంలోకి చూశారు. "నన్ను జీతమిచ్చి కుదిపార్రా. నువ్వు డబ్బిచ్చి కుదిపించుకుంటావా?"

మా ఆవిడ అభ్యంతరం మరొకటి. ఇంట్లో ఇన్ని మోటార్లుండగా ఇంకోటెందుకని. మాట కాదనలేం. మా మిక్సీ మీద 750 వాట్లని రాసుంది. బోరు మోటారు ఒక హార్స్ పవర్, అంటే 746 వాట్లు. కాగితం మీద ఎవరూ ఎవరికీ తీసిపోరు. కానీ మిక్సీ మోటారు నిమిషానికి వేలకు వేల చుట్లు తిరిగితేనే దాని ప్రాణానికి హాయి. బరువు పెట్టి కదలకుండా నిలబడమంటే కాలి వాసన వేస్తుంది. బోరుది ఇండక్షన్ మోటారు. కండెన్సరు చెప్పిన వైపు బయల్దేరుతుంది, ఇక అటే. ఎదురు తిప్పాలంటే ముందు పూర్తిగా ఆగనివ్వాలి. ఈలోపు లారీ గతుకు దాటి పక్క జిల్లాకెళ్లిపోతుంది.

మన కుర్చీకి కావలసింది బలం ఒక్కటే కాదు, పార్టీ ఫిరాయించే గుణం. ఎడమవైపు ప్రాణం పెట్టి తిరుగుతున్న మోటారు, కబురు అందగానే కుడివైపు అంతే చిత్తశుద్ధితో తిరగాలి. మధ్యలో ఆగమంటే మనిషిని మోస్తూ అక్కడే నిలబడాలి. మళ్లీ పిలిస్తే పాత గూటికి రావాలి, మొహం మాడ్చుకోకుండా. ఇలాంటిది బజార్లో ఎక్కడుంటుంది?

మొదట అందరూ చూపించేది లారీ వైపర్ మోటారు. దాని లోపలి వార్మ్ గేరు నాకు భలే నచ్చింది. మోటారు గేరును తిప్పుతుందిగానీ, బయటినుంచి బరువు పడితే గేరు మోటారును తిప్పలేదు. కరెంటు పోయినా కుర్చీ ఎక్కడిదక్కడే ఉంటుంది. కరెంటు సంగతి తెలిసిన మన ఊళ్లో ఇది చిన్న సుగుణం కాదు. కానీ అద్దం మీద రబ్బరు ముక్కను ఈడ్వడం వేరు, నన్ను ఎత్తడం వేరు. నేనూ కుర్చీ కలిసి వంద కిలోలు అనుకోండి. (అనుకోండి అన్నాను.) ఆ బరువును సెకనుకు పాతిక సెంటీమీటర్ల వేగంతో లేపాలంటే, రాపిడి లెక్కేయకుండానే 245 వాట్లు కావాలి. వైపర్ మోటారుకు అందులో నాలుగో వంతు కూడా కనాకష్టం.

అటు కొసన ఏసీ సర్వో మోటార్లున్నాయి. వాటి దగ్గర నేను కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. 750 వాట్లు, నిమిషానికి 3000 చుట్లు, టార్కు 2.39 న్యూటన్ మీటర్లు. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే బాల్ స్క్రూ తగిలిస్తే ఒక్కోటి 250 కిలోలకు పైగా నెడుతుంది, అదీ సెకనుకు పాతిక సెంటీమీటర్ల చొప్పున. వెనకున్న ఎన్‌కోడరు ఒక్క చుట్టును పదివేల భాగాలు చేసి లెక్క చెప్తుంది. అంటే కుర్చీ ఎక్కడుందో అర మైక్రాన్ తేడా లేకుండా తెలుస్తుంది. గతుకులో పడటానికి ఇంత కచ్చితం దేనికని అడక్కండి. ధర కూడా అడక్కండి, మా ఆవిడ ఈ పత్రిక తెప్పిస్తుంది.

ఇంట్లో చరిత్రతో నెగ్గుకొద్దామని ఒక రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాను. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో పైలట్ల శిక్షణకు ఊగే విమానం బొమ్మ చేశాడు, వాళ్ల నాన్నది ఆర్గన్లూ పియానోలూ చేసే కార్ఖానా, అక్కడి తోలు తిత్తులే దాన్ని అటూ ఇటూ వంచేవి అని. నా కథ ఇంకా రెండో ప్రపంచ యుద్ధం దాకా రాకముందే మా ఆవిడ, "అటక మీది మా అమ్మ హార్మోనియం ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు" అంది. ఆరు కాళ్ల మీద ఊగే వేదిక సంగతి ఎత్తనేలేదు. 1950ల్లో గాఫ్ అనే ఇంజనీరు డన్లప్‌లో టైర్లు పరీక్షించడానికి అలాంటిది కట్టాడు, 1965లో స్టీవార్ట్ దాన్ని విమాన సిమ్యులేటర్లకు ప్రతిపాదిస్తూ పేపరు రాశాడు. పుట్టడమే టైరు కోసం పుట్టింది, లారీవాడిగా నాకెంత దగ్గర! కానీ ఆరు కాళ్లంటే ఆరు మోటార్లు.

చివరికి దారి చూపించింది ఆటోనగర్లో లేతు పట్టే ముసలాయన. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు, నేనూ అంటాను. నేను వాట్లూ టార్కులూ ఏకరువు పెడుతుంటే బీడీ ఆర్పి, "మోటారు తర్వాత చూద్దాం బాబూ, ముందు నీ కుర్చీ తూకం చూసుకో" అన్నాడు. మూలనున్న సామాన్లోంచి ఏదో వ్యాను ప్రొపెల్లర్ షాఫ్టు తాలూకు క్రాస్ జాయింటు తీశాడు. గ్రీజు తుడిచి, దానిమీద చెక్క పెట్టి, నన్ను కూర్చోబెట్టి, చెక్కను అంగుళం ముందుకీ అరంగుళం వెనక్కీ జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగింది. అప్పుడు రెండు వేళ్లతో నన్ను నాలుగు దిక్కులా వంచి చూపించాడు. వంద కిలోలు జాయింటు మీద కూర్చుంటే ఇక మోటార్లు మోసేదేముంది? వంచుతాయంతే. నేను నెలల తరబడి లెక్కేసింది ఎత్తడానికి. ఆయన ఎత్తడమే తీసేశాడు.

దాంతో బేరం చిన్న ఎలక్ట్రిక్ సైకిళ్లలో వాడే 24 వోల్టుల, 250 వాట్ల డీసీ మోటారు దగ్గర తెగింది. రెండు. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే ఎదురు తిరుగుతుంది, వేరే రాజకీయం లేదు. నిమిషానికి 2650 చుట్లను 25కి ఒకటి తగ్గించే వార్మ్ గేరు బాక్సు పెడితే వంద చిల్లర. నాలుగు సెంటీమీటర్ల క్రాంకు చాలు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే పాట్ లాంటిదే ఒకటి ఇరుసుకు బిగిస్తే ఎంత తిరిగిందో ఆర్డునో బోర్డుకు చెప్తుంది. ఒక్క జాగ్రత్త: మోటారును ఆడించే డ్రైవరు బోర్డు కొనేటప్పుడు మోటారు మీద రాసిన 13, 14 ఆంపియర్లను నమ్మకూడదు. జోరుమీదున్న మోటారును ఉన్నట్టుండి ఎదురు తిప్పితే అది తాగే కరెంటు దానికి ఎన్నో రెట్లుంటుంది. పైగా వేగం తగ్గేటప్పుడు మోటారే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. ఈ ముక్క వినగానే నాన్న మొదటిసారి ఆసక్తి చూపించారు. "అయితే బిల్లు తగ్గుతుందా?" తగ్గదు. ఆ కరెంటును వేడి చేసి పారబోయడానికి రెసిస్టరు కొనాలి. "తెలివి తెల్లారినట్టే ఉంది" అని పేపరు తీసుకున్నారు.

నాలుగు సెంటీమీటర్లతో లారీ బ్రేకు ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. చెవి లోపల కదలికను కనిపెట్టే అవయవానికి వాలడానికీ బ్రేకుకూ తేడా తెలియదు. తెరమీద రోడ్డు కనిపిస్తుండగా కుర్చీని కాస్త ముందుకు వంచితే, భూమి లాగే లాగుడునే బుర్ర బ్రేకు అనుకుంటుంది. తర్వాత కుర్చీని మనకు తెలియనంత మెల్లగా మామూలు స్థితికి తెచ్చేయాలి.

బిగింపు అయ్యాక తొలి బోణీకి నాన్ననే కూర్చోమన్నాను. ఎడంపక్కన నడపబోతుంటే, అక్కడ కుడిపక్కన నడపాలని చెప్పాను. "ఎవడు పెట్టాడ్రా?" అని గొణుక్కుంటూ మారారు. పది కిలోమీటర్లు వెళ్లారు. జర్మనీ హైవే, తోమిన పళ్లెంలా ఉంది. మోటార్లు కిక్కురుమనలేదు.

"ఇవి పని చేస్తున్నాయా?"

"చేస్తున్నాయి నాన్నా. రోడ్డే బాగుంది."

ఆయన చేతికున్న వాచీ తీసి నాకిచ్చి, స్టీరింగు కుడికి కోసి లారీని రోడ్డు దింపి గడ్డిలో తోలారు. కుర్చీ దడదడలాడింది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏం లేదమ్మా," అన్నారు నాన్న, స్టీరింగు వదలకుండా, "నా సర్వీసు గుర్తొచ్చింది. కాసిని టీ ఇస్తావా? సగం గ్లాసే పొయ్యి."