పీల్చిన పిప్పికి పట్టాభిషేకం

పొలంలో గడ్డి పెరుగుతుంది. కోస్తారు, ఎండబెడతారు. ఇంతవరకు గుర్రానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ గడ్డిని అక్కడే దాని ముందు పడేస్తే తినేసి ఊరుకుంటుంది. కానీ కథ అక్కడితో ముగిస్తే ఎంతమందికి ఉద్యోగాలు పోవాలి? అందుకని ఆ ఎండుగడ్డిని మిల్లుకు తోలతారు. పొడి కొడతారు. ఆవిరి పట్టిస్తారు. ఇనప అచ్చు బెజ్జాల్లోంచి ఒత్తి చిటికెన వేలంత గుళికలు తీస్తారు. మళ్ళీ ఆరబెట్టి, యాభై పౌండ్ల బస్తాలో పోసి కుట్టి, బస్తా మీద పచ్చిక బయల్లో జూలు విదిలిస్తూ పరుగెత్తే గుర్రం బొమ్మ అచ్చేసి, ‘మేత ఆధారిత ఆహారం’ అని రాసి అమ్ముతారు. కొన్నావిడ ఇంటికి తెచ్చి చేసే మొదటి పనేమిటంటే, బకెట్లో పోసి నీళ్ళు కలిపి నానబెట్టడం. గడ్డిలోని నీరు ఎగరగొట్టడానికి ఒక ఖర్చు, తిరిగి పట్టించడానికి ఇంకొక ఖర్చు. మన పల్లెల్లో గేదె ముందు కుడితి తొట్టి పెట్టే ఇల్లాలికి ఈ సంగతి చెబితే, ఆ గుర్రం సంగతి తర్వాత, ముందు ఆవిణ్ణి ఎవరికైనా చూపించండమ్మా అంటుంది.

అమెరికా, బ్రిటన్లలో గుర్రం పెంచుకోవడమంటే ఇప్పుడు బస్తా చదువుకోవడం. పొలం పనికీ బండి లాగడానికీ గుర్రం అవసరం తీరిపోయింది. చాలా ఇళ్ళలో అది ఆదివారం స్వారీకి మిగిలిన అర టన్ను ముద్దుబిడ్డ. ముద్దుబిడ్డకు గడ్డి పెడతారా ఎవరైనా? గడ్డికి బ్రాండు లేదు, బొమ్మ లేదు, ‘జీర్ణక్రియకు మేలు’ అనే ముద్ర లేదు. పక్క రైతు దగ్గర కొన్న గడ్డి మోపు చూసి ఏ తల్లి మనసు నిండుతుంది!

ఈ బస్తాల రాజ్యంలో మకుటం లేని మహారాజు బీట్ పిప్పి. ఆయన వంశచరిత్ర గొప్పది. 1747లో ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ అనే జర్మన్ రసాయనవేత్త బీట్ దుంపలో చెరకులో ఉన్న పంచదారే ఉందని కనిపెట్టాడు. ఆయన శిష్యుడు ఫ్రాంజ్ ఆఖార్డ్ 1801లో సైలీషియాలోని కూనెర్న్‌లో మొదటి బీట్ పంచదార కర్మాగారం కట్టాడు. ఆ తర్వాత ఇంగ్లండుతో యుద్ధంలో కరీబియన్ దీవుల పంచదార ఫ్రాన్సుకు రావడం ఆగిపోతే, 1811లో నెపోలియన్ బీట్ సాగు చేయమని ఫర్మానా జారీ చేశాడు. చక్రవర్తి కాఫీ తీపి కోసం మొదలైన ఈ పరిశ్రమ దుంపను సన్నగా తురిమి, వేడినీళ్ళలో ఊరబెట్టి, అందులోని తీపినంతా లాగేసుకుంటుంది. మిగిలిందే మన మహారాజు. పీల్చి పిప్పి చేయడమంటే ఇదే, అక్షరాలా.

పిప్పిని తిట్టడం నా ఉద్దేశం కాదు, నిజానికి అది మంచి మేత. అందులోని పీచు మెత్తటిది, పెక్టిన్ ఎక్కువ, గుర్రం పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని హాయిగా పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. ధాన్యంలా పిండిపదార్థం గుమ్మరించదు. కాల్షియం బాగానే ఉంటుంది, భాస్వరం మాత్రం బాగా తక్కువ. విటమిన్ ఎ ఉందనుకోనక్కర్లేదు. ఇవన్నీ తెలిసి, గడ్డికి తోడుగా కొంత పెడితే పేచీ లేదు. పేచీ అంతా ఆ పిప్పి చుట్టూ అల్లిన పురాణంతోనే.

అందులో మొదటిది పేలుడు ఘట్టం. పొడి పిప్పి తింటే కడుపులో ఉబ్బి గుర్రం కడుపు పగిలిపోతుందట. ఆ పేలుడు కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ దొరకరు గానీ, చూసినవాళ్ళను ఎరిగినవాళ్ళు ప్రతి గుర్రపుశాలలోనూ ఒకరుంటారు. పరిశోధకులు పొడిగానే పెట్టి చూశారు, ఏ కడుపూ పేలలేదు. అయినా బస్తా కొన్నావిడ రాత్రి పడుకోబోయే ముందు పిప్పి నానబోస్తుంది, వేసవైతే తెల్లారేసరికి పులిసి కంపు కొడుతుంది, పారబోసి మళ్ళీ నానబోస్తుంది. ఆ నానిన పిప్పి మీద, ముసలి గుర్రాల కోసమని ప్రత్యేకంగా కొన్న ఖరీదైన గుళికలు పొడిగా ఒక డబ్బాడు పోస్తుంది. ఆ బస్తా వెనక దినుసుల జాబితా చూస్తే చాలాసార్లు మొదటి వరసలోనే ఉండేది ఎండు బీట్ పిప్పి! ఒకే పిప్పి బకెట్లో ఉంటే బాంబు, బస్తాలో ఉంటే బలం.

నానబెట్టడం మంచిదే, కాదనను. ఆత్రంగా మింగే గుర్రానికీ పళ్ళరిగిన గుర్రానికీ పొడి గుళికలు అన్నవాహికలో ఇరుక్కుపోతాయి. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి ముక్కులోంచి నురగ కారుస్తూ నిలబడిపోతుంది, పశువైద్యుడు పరుగెత్తుకు రావాలి. బ్రిటన్‌లో బీట్ గుళికలూ మామూలు దాణా గుళికలూ ఒకేలా కనబడి, ఒకదాని బదులు ఇంకొకటి పొడిగా పోసేసిన సందర్భాలు ఉన్నాయి. ప్రమాదం గొంతులో ఉంటే భయమంతా కడుపులో పెట్టుకున్నారు, అదీ చిత్రం.

రెండోది పంచదార భయం. ‘షుగర్ బీట్’ అన్న పేరులోనే షుగర్ ఉంది కదా, తింటే గిట్టలవాపు వస్తుందేమోనని బెంగ. దుంపలో నూటికి 16 నుంచి 18 పాళ్ళు ఉండే పంచదారను ఫ్యాక్టరీ పిండేసుకున్నాక, మిగిలిన పిప్పిలో ఉండేది మామూలు ఎండుగడ్డిలో ఉండేపాటిదే. ఆ ఫ్యాక్టరీవాళ్ళు పనిమంతులు. అంత గింజుకుని తీపి తీశాక, అమ్మేటప్పుడు రుచి కోసం కొన్ని రకాలకు బెల్లప్పాకంలాంటి మొలాసిస్ తిరిగి పట్టిస్తారు. ఆవిడ దాన్ని నానబెట్టి, నీళ్ళు వంచి, మళ్ళీ నీళ్ళు పోసి, తేటనీళ్ళు వచ్చేదాకా బియ్యం కడిగినట్టు కడుగుతుంది. కడిగిన చేత్తోనే జేబులోంచి యాపిల్ రుచి బిస్కెట్టు తీసి గుర్రం నోట్లో పెడుతుంది. అమెరికాలో పండే బీట్ దాదాపు అంతా జన్యుమార్పిడి విత్తనమే కావడంతో, నియమం తప్పనివాళ్ళు యూరప్ పిప్పి కోసం వెతుకుతారు. పంచదార మిల్లు వదిలేసిన చెత్త అట్లాంటిక్ సముద్రం దాటి, విదేశీ సరుకు హోదాలో దిగుతుంది.

ఇక దినుసుల జాబితా దగ్గర కాస్త నిలబడాలి. అమెరికాలో దాణా దినుసులకు పేర్లు నిర్ణయించే ఆఫ్కో అనే సంఘం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక్కో దినుసు పేరూ విడివిడిగా రాయనక్కర్లేదు, గుంపు పేరు ఒకటి రాస్తే చాలు. అలాంటి గుంపుల్లో ‘రఫేజ్ ప్రాడక్ట్స్’ ఒకటి. అంటే పీచు సరుకులన్నమాట. వినడానికి పచ్చిక వాసన వేస్తుంది. ఆ గొడుగు కింద ఎవరెవరు తలదాచుకోవచ్చో చూడండి: వేరుసెనగ తొక్కలు, వరి ఊక, పత్తిగింజల పొట్టు, మొక్కజొన్న బెండ్లు, చెరకు పిప్పి, ఓట్స్ పొట్టు, సోయా పొట్టు, మన బీట్ పిప్పి. ఇందులో సోయా పొట్టు, బీట్ పిప్పి లాంటివి గుర్రానికి నిజంగా ఒంటబడతాయి. వరి ఊక మాత్రం రైసుమిల్లు బాయిలర్లో ఎంత పోషకమో గుర్రం కడుపులోనూ అంతే. అనంతపురంలో వేరుసెనగ తొక్కలు కుప్పగా పోసుకున్న రైతుకూ, తణుకులో ఊక లారీ తోలే డ్రైవరుకూ తమ దగ్గరున్నది ‘మేత ఆధారిత ఆహారం’ అని ఎవరూ చెప్పలేదు పాపం. గుంపు పేరులో ఇంకో సుఖం ఉంది. ఈ నెల మార్కెట్లో ఏది చవగ్గా దొరికితే అది కలిపినా బస్తా మీద అక్షరం మార్చక్కర్లేదు. కానీ గుర్రం పొట్టలోని సూక్ష్మజీవులకు చదువు రాదు. మేత మారితే వాటికి అలవాటు పడే గడువు కావాలి.

సరే, మేలిరకం గడ్డినే గుళిక చేశారనుకుందాం. పోషకాలన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. మరి పోయిందేమిటి? నమిలే పని పోయింది.

గుర్రం ఆవులాగా నెమరు వేయదు. నోట్లో ఉండగా నమిలిందే నమలడం, మళ్ళీ అవకాశం రాదు. బయల్లో వదిలితే రోజుకు పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. దాని కడుపు ఒంటికి తగ్గంత పెద్దది కాదు, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. అందులో ఆమ్లం మాత్రం తిన్నా తినకపోయినా రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం, రోజుకు 35 నుంచి 40 లీటర్లు. మనకు పులిహోర వాసన తగిలితే నోరూరుతుంది. గుర్రానికి అలా కాదు, దవడ ఆడితేనే లాలాజలం వస్తుంది, దవడ ఆగితే అదీ ఆగుతుంది.

కిలో ఎండుగడ్డి తినడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, దవడ మూడు వేలసార్లకు పైగా ఆడుతుంది. కిలో గింజలో గుళికలో అయితే పది నిమిషాలు, వెయ్యిసార్ల లోపే. అయిదువందల కిలోల గుర్రానికి రోజుకు ఎంతలేదన్నా ఎనిమిది, పది కిలోల మేత కావాలి. పది కిలోలూ గడ్డి అయితే దాదాపు ఏడు గంటలు నమిలే పని. పదీ గుళికలైతే గంటా నలభై నిమిషాల్లో భోజనం ముగిసి చెయ్యి కడిగేసుకున్నట్టే. మిగతా ఇరవై రెండు గంటలు ఆ జీవం ఏం చేయాలి? వార్తలు చూడదు, పత్రిక చదవదు. కొట్టంలో నిలబడి ఖాళీ కడుపులో ఊరే ఆమ్లాన్ని భరించాలి. పందెం గుర్రాల్లో పదింట ఆరు నుంచి తొమ్మిదింటికి కడుపులో పుండ్లు కనిపించాయని పరిశోధనలు చెబుతున్నాయి. వాటికి అతిగా ధాన్యం పెట్టడం, పరుగు, కట్టేసి ఉంచడం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి గానీ, నోరు ఖాళీగా ఉండడం వాటిలో చిన్నదేమీ కాదు.

పళ్ళ సంగతీ అంతే. గుర్రం పళ్ళు ఏడాదికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున చిగురులోంచి పైకి వస్తూ ఉంటాయి, ఇసుకా పీచూ ఉన్న గడ్డిని అడ్డంగా నూరి నూరి అరగదీసుకుంటుందని ప్రకృతి వేసిన లెక్క. గుళికలకు దవడ అంత వెడల్పుగా తిరగదు. పళ్ళ అంచులు కత్తుల్లా తేలుతాయి. అప్పుడు ఆకురాయి పట్టుకుని డాక్టరు వస్తాడు. పనీపాటా లేనివాణ్ణి గుడ్డి గుర్రాలకు పళ్ళు తోముతున్నావా అని అడగడం మనకు అలవాటు. అక్కడ అది ఇంటికొచ్చి ఫీజు తీసుకునే పని, కళ్ళున్న గుర్రాలకే.

ఇంకో వినోదం కొలత. బస్తా వెనక చిన్నక్షరాల్లో సగం ధర్మం చెబుతారు: మేలైన ఎండుగడ్డి ధారాళంగా పెట్టండి, లేదా గడ్డి మానేసి దీన్నే పెట్టేటట్టయితే గుర్రం బరువును బట్టి ఇన్ని కిలోలు పెట్టండి అని. రెండో పద్ధతిలో బస్తా మూడు రోజులకు మించి రాదు. కొన్నవాళ్ళు మాత్రం మధ్యేమార్గం తొక్కుతారు. గడ్డి సగం తగ్గించి, పాత కాఫీ డబ్బాతో ఒక డబ్బాడు గుళికలు పోస్తారు. ఆ డబ్బాకు బరువుతో పనిలేదు. తేలికపాటి పిప్పి తురుము డబ్బాడైనా, బరువైన గుళికలు డబ్బాడైనా దానికి ఒకటే. గుర్రం చిక్కితే ఇంకో బస్తా, బలిస్తే ఇంకో రకం బస్తా.

పళ్ళూడిన ముసలి గుర్రాన్ని ఈ గొడవలోకి లాగను. గడ్డిపోచ నమల్లేక ఉండలు చుట్టి ఊసేసే పాతికేళ్ళ జీవానికి నానబెట్టిన గుళికలూ పిప్పీ నిజంగా ప్రాణదానమే. గడ్డి దుమ్ముకు ఉబ్బసం వచ్చే గుర్రానికీ అవి మేలే. వీటి వల్ల ఇంకా కొన్ని శీతాకాలాలు బతికిన గుర్రాలు ఎన్నో. కానీ మందుల షాపులో పెట్టాల్సిన సరుకును పప్పుల కొట్లో పోసి, ఆరేళ్ళ దృఢమైన గుర్రానికి కూడా అవ్వ పథ్యం పెట్టడమే నాకు మింగుడుపడనిది.

మనమేదో నేర్చుకున్నవాళ్ళమని చెప్పుకోవడానికీ లేదు. ఒకప్పుడు గుర్రాలకు ఉడకేసిన ఉలవలు వాటి ముందు పోసి, దించిన కట్టును మనం చారు పెట్టుకున్నాం. ఇప్పుడు పెళ్ళి విందుల్లో ఆ ఉలవచారు మీద వెన్న వేసి వడ్డిస్తున్నాం. గుర్రం తిండి మనిషికి విందైనచోట, పంచదార మిల్లు చెత్త గుర్రానికి విందు కావడంలో వింతేముంది అంటే, నా దగ్గర జవాబు లేదు.

ఇక గుర్రం సామాన్ల దుకాణంలోకి ఒకసారి తొంగిచూద్దాం. ముందు గుళికల బస్తాలు. నోటికి పనిలేక గుర్రం కొట్టం దూలాలూ కంచె కర్రలూ కొరుకుతుంది కాబట్టి, ఆ పక్కనే కర్రలకు పూసే కారం మందు. కడుపులో పుండ్లకు 1999లో అమెరికా ప్రభుత్వం ఆమోదించిన ఒమెప్రజోల్ పేస్టు కావాలంటే డాక్టరు చీటీ ఉండాలి. అందుకని చీటీ అక్కర్లేని ‘కడుపు నెమ్మది’ పొడులు ఒక గూడు నిండా ఉంటాయి. కాస్త ముందుకెళితే గడ్డి తొందరగా అయిపోకుండా చిన్న చిన్న కన్నాలున్న వలసంచులు. చివర్లో, కొట్టంలో విసుగెత్తిన గుర్రం మూతితో దొర్లించుకుంటూ గంటల తరబడి కాలక్షేపం చేయడానికి కన్నం పెట్టిన ప్లాస్టిక్ బంతి. దొర్లినప్పుడల్లా ఒకటో రెండో రాలుతాయట, లోపల గుళికలు పోసుకుంటే.